పాపా, ముందు ఆ లూప్ తీసెయ్

పాపా,

దామలచెరువు మామిడి మండీకి ఏ రైతు ఎన్ని టన్నులు దింపాడో, ఎంత రావాలో చూపించే పేజీ చేస్తున్నావని మీ నాయన చెప్పాడు. చాలా సంతోషం. పంపిన కోడ్ రాత్రి కూర్చుని చదివాను.

ముందు ఆ లూప్ తీసెయ్. రైతుల జాబితా తెచ్చుకుని, ఒక్కొక్కరి లోడ్ల కోసం మళ్లీ డేటాబేస్ దగ్గరికి పోతున్నావు, 400 మంది ఉంటే జాబితాకొకటి, మనిషికొకటి, మొత్తం 401 క్వెరీలు, అంటే డేటాబేస్‌ని అడిగే ప్రశ్నలు. పది పేర్లతో చూశావు కాబట్టి నీకు తెలియలేదు గానీ, జూన్‌లో తోతాపురి లోడ్లు వరసకట్టి నలుగురు ఒకేసారి పేజీ తెరిస్తే సర్వర్ మొరాయిస్తుంది. రైతు నంబరు మీద టేబుళ్లని జాయిన్ చేసి, అంటే కలిపి, ఒక్క క్వెరీలో తెచ్చుకో, లోడ్ల టేబుల్‌లో ఆ నంబరుకి ఇండెక్స్ వెయ్యి, పుస్తకం వెనక సూచికలా వెతకడం త్వరగా అవుతుంది. మొత్తాలు కూడా నంబరు మీదే గ్రూప్ చెయ్యి, పేరు మీద వద్దు. మన పక్క మునిరత్నాలు ఊరికి ముగ్గురుంటారు, ఒకరి కాయ ఇంకొకరి లెక్కలో పడుతుంది.

జాయిన్ అన్నానని ఉత్త జాయిన్ రాసేవు, జాగ్రత్త. ఒక సీజన్‌లో నేను అదే చేశాను. ఒకాయన కాయ దింపాడు, ఆ రోజు రేటు ఇంకా కట్టలేదు, రేట్ల టేబుల్‌లో వరస లేదు కాబట్టి ఆయన లోడే పేజీలో లేకుండా పోయింది. తూకం చీటీ చేత్తో పట్టుకుని "నా కాయ ఏమైంది సామీ" అంటూ గంటసేపు నిలబడ్డాడు, ఆ ముఖం నేనింకా మరవలేదు. లెఫ్ట్ జాయిన్ వాడు, రేటు దొరక్కపోయినా లోడు వరస నిలుస్తుంది. రేటు లేనిచోట నల్, అంటే ఖాళీ, వస్తుంది, అక్కడ సున్నా చూపించకుండా "రేటు కట్టలేదు" అని రాయి, సున్నా చూస్తే రైతుకు గుండె ఆగినంత పనవుతుంది. రేటు తేదీ షరతు మాత్రం క్వెరీ చివర వడపోసే వేర్‌లో పెట్టకు, నల్ వరసలు మళ్లీ ఎగిరిపోతాయి, జాయిన్ పక్కనుండే ఆన్‌లోనే పెట్టు. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు.

వెతికే బాక్సులో టైప్ చేసింది నేరుగా క్వెరీలో అతికించావు, అది ప్రమాదం, ఎవరైనా అందులో ఆదేశాలు రాసి డేటా చెడగొట్టొచ్చు. టైప్ చేసింది క్వెరీలో కలపకుండా విడిగా పంపే ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్‌కి మార్చు.

తెలుగు పేర్లు ప్రశ్నార్థకాలుగా కనిపిస్తున్నాయన్నావు కదా, అది ఫాంట్ తప్పు కాదు. నీ డేటాబేస్ మైఎస్‌క్యూఎల్‌లో టేబుల్‌కీ, కనెక్షన్‌కీ రెండింటికీ అన్ని లిపులూ పట్టే యూటీఎఫ్8ఎంబీ4 అక్షర సంకేతం పెట్టు. ప్రశ్నార్థకాలుగానే సేవ్ అయిపోయినవి తిరిగి రావు, మళ్లీ టైప్ చేయాల్సిందే, అందుకే 400 పేర్లు ఎక్కించే ముందు ఒక్క పేరు వేసి చూసుకో.

శనివారం పాకాల వైపు వస్తున్నాను. ఆలోపు రేటు కట్టని లోడు ఒకటి వేసి, పేజీలో ఆ పేరు వస్తోందో లేదో చూసి ఉంచు.

మీ పెద్దనాయన