బ్రెగ్జిట్ రోజుల్లో బ్రిటన్ జనం నాయకుల మీద అంతగా విసిగిపోయారెందుకు? అక్కడున్న మనవాళ్ళకి ఆ సెగ తగిలిందా?

తగిలింది. 2016 జూన్‌లో యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా వద్దా అని రెఫరెండం (ప్రజల ఓటింగ్) జరిగినప్పుడూ, 2020 జనవరి 31న బ్రిటన్ అందులోంచి బయటికొచ్చినప్పుడూ నేను స్విండన్‌లోనే ఉన్నాను. లండన్ నుంచి పడమరగా రైల్లో ఓ గంట. పెద్ద పేరున్న ఊరేం కాదు. మన ఐటీ వాళ్ళు బాగానే ఉంటారు, అప్పట్లో హోండా కార్ల ఫ్యాక్టరీ ఉండేది. ఊళ్ళో దాదాపు 55 శాతం ఓట్లు ‘లీవ్’కి, అంటే బయటికి పోదామనే వైపుకి పడ్డాయి. దేశం మొత్తం మీద చూస్తే 52–48.

లీవ్ వాళ్ళకీ రిమెయిన్ (ఉండిపోదాం) వాళ్ళకీ పడక జనం విసిగిపోయారని చాలామంది రాస్తుంటారు. ఆ గొడవ ఉంది, ఇళ్ళల్లో అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేసిన సంగతులు నాకూ తెలుసు. కానీ 2019 వచ్చేసరికి రెండు వైపులవాళ్ళూ ఒకే మాట అంటున్నారు: "ఏదో ఒకటి తేల్చండి బాబూ!" చివరికి ఎన్నికలో గెలిచింది కూడా ఆ మాటే అని నా అభిప్రాయం.

ముందు ఓటు సంగతి చెప్తాను, ఎందుకంటే ఇక్కడ చాలామందికి ఇది తెలియదు. ఆ రెఫరెండంలో నేనూ ఓటేశాను. ఇండియన్ పాస్‌పోర్టుతో, వర్క్ వీసా మీద ఉంటూనే. ఇండియా లాంటి కామన్వెల్త్ దేశాల పౌరులు బ్రిటన్‌లో నివాసం ఉంటే అక్కడి పార్లమెంటు ఎన్నికల్లో ఓటు ఉంటుంది. రెఫరెండంలోనూ ఆ పద్ధతే పెట్టారు. అదే పోలండ్ నుంచి వచ్చి ఏళ్ళ తరబడి పన్నులు కడుతున్న మనిషికి ఓటు లేదు.

స్విండన్‌లో ఇది ఇంకా విచిత్రంగా ఉండేది. ఆ ఊళ్ళో గోవా వాళ్ళు వేలల్లో ఉంటారు, వాళ్ళలో ఎక్కువమంది పోర్చుగల్ పాస్‌పోర్టు మీద వచ్చినవాళ్ళు. 1961 డిసెంబరు దాకా గోవా పోర్చుగల్ చేతిలో ఉంది కాబట్టి, అంతకుముందు అక్కడ పుట్టినవాళ్ళకీ, వాళ్ళ పిల్లలకీ మనవలకీ పోర్చుగల్ పౌరసత్వం తీసుకునే వీలుంది. అది చేతికొస్తే యూరప్‌లో ఎక్కడైనా ఉండొచ్చు, పని చేసుకోవచ్చు. నాతో ఆదివారాలు క్రికెట్ ఆడే ఒకతను అలాగే వచ్చి, వేర్‌హౌస్‌లో పనిలో చేరి, భార్యాపిల్లల్ని తెచ్చుకున్నాడు. రోడ్డు మీద మా ఇద్దర్నీ చూసినవాళ్ళకి ఇద్దరం ఇండియన్లమే. తను ఆ దేశంలో ఉండాలా వద్దా అని తేల్చే ఓటు నాకుంది, తనకి లేదు. "నా తరఫున కూడా నువ్వే గుద్దు" అని నవ్వాడు గానీ ఆ నవ్వులో టెన్షన్ కనపడుతూనే ఉంది.

మనవాళ్ళలో కూడా లీవ్‌కి వేసినవాళ్ళున్నారు, దాచడం దేనికి. "యూరప్ వాళ్ళు బ్యాగ్ సర్దుకుని వచ్చేస్తారు, మనం వీసా ఫీజులు కట్టాలి, పైగా హెల్త్ సర్‌చార్జి కట్టాలి, ఇదెక్కడి న్యాయం?" అన్నది వాళ్ళ వాదన. యూరప్ నుంచి రాకపోకలు తగ్గితే మన దేశాల నుంచి కర్రీ రెస్టారెంట్లకి వంటవాళ్ళని తెచ్చుకోవడం తేలికవుతుందని ప్రీతి పటేల్ లాంటి నాయకులు ప్రచారం కూడా చేశారు. ఫలితం వచ్చిన పొద్దున మాత్రం అందరం ముందు చూసింది పౌండు రేటే. వంద రూపాయల దగ్గర ఉన్నది అక్టోబరుకల్లా ఎనభై చిల్లరకి దిగింది. ఇంటికి డబ్బు పంపి ఊళ్ళో లోన్ కట్టుకునేవాళ్ళకి బ్రెగ్జిట్ అంటే మొదట అదే.

ఇక అసలు విషయం. ఎందుకు తేలలేదు?

రెఫరెండం తర్వాత ప్రధాని అయిన థెరిసా మే ఒకేసారి మూడు మాటలిచ్చింది. యూరప్ సింగిల్ మార్కెట్ (వ్యాపారానికి అన్ని దేశాల్లో ఒకే నియమాలు) నుంచీ కస్టమ్స్ యూనియన్ (ఆ దేశాల మధ్య సుంకాలు లేని ఏర్పాటు) నుంచీ బయటికొస్తాం. బ్రిటన్‌లో భాగమైన ఉత్తర ఐర్లండ్‌కీ, యూరోపియన్ యూనియన్‌లోనే ఉండే ఐర్లండ్ దేశానికీ మధ్య చెక్‌పోస్టులు పెట్టం. ఉత్తర ఐర్లండ్‌ని మిగతా బ్రిటన్ నుంచి వేరు చేసి చూడం. వీటిలో ఏ రెండైనా నిలబెట్టుకోవచ్చు, మూడూ కలిసి కుదరవు. ఆ సరిహద్దు దాదాపు 500 కిలోమీటర్లు. 1998 గుడ్ ఫ్రైడే శాంతి ఒప్పందానికి ముందు అక్కడ సైన్యం కాపలా, బాంబులు, హత్యలు. మళ్ళీ అక్కడ గేటు వేసే ధైర్యం ఎవరికీ లేదు. అందుకని ‘బ్యాక్‌స్టాప్’ అని ఒక ఏర్పాటు రాసుకున్నారు: వేరే దారి దొరికేదాకా బ్రిటన్ మొత్తం యూరప్ కస్టమ్స్ ఏర్పాటులోనే ఉండిపోవాలి. గట్టి లీవ్ ఎంపీలకి అది ఎప్పటికీ బయటపడలేని ఉచ్చులా కనపడింది. దానికితోడు ఆమె 2017లో అవసరం లేకపోయినా ఎన్నికలు పెట్టి, ఉన్న మెజారిటీ పోగొట్టుకుని, ఉత్తర ఐర్లండ్‌కి చెందిన డీయూపీ పార్టీ ఎంపీలు 10 మంది మీద ఆధారపడింది. సరిగ్గా ఆ పదిమందికే బ్యాక్‌స్టాప్ గిట్టదు!

తర్వాత జరిగినవి మనకి అర్థం కావాలంటే ఒకటి గుర్తుంచుకోవాలి. మన దగ్గర 1985 నుంచి ఫిరాయింపుల నిరోధక చట్టం ఉంది, విప్ ధిక్కరిస్తే సభ్యత్వానికే ముప్పు. బ్రిటన్‌లో అలాంటిది లేదు. 2019 జనవరి 15న, యూరోపియన్ యూనియన్‌తో థెరిసా మే చేసుకున్న ఒప్పందం సభకొస్తే 432–202తో ఓడింది. ఆధునిక కాలంలో ఏ ప్రభుత్వమూ అంత తేడాతో ఓడలేదు. సొంత పార్టీలోనే వందమందికి పైగా ఎదురు తిరిగారు. మర్నాడు ప్రతిపక్షం అవిశ్వాసం పెడితే అదే సొంత పార్టీవాళ్ళు ఆమెను కాపాడారు. అంటే నీ పని మాకొద్దు, నువ్వు మాత్రం ఉండు అన్నట్టు. అయితే దిగిపోవాలి, లేదంటే పని జరగాలి కదా? రెండూ లేవు.

మార్చి 12న మళ్ళీ పెట్టారు, ఓడింది. మార్చి 29 మొదట అనుకున్న లెక్కలో బయటికి పోవాల్సిన రోజు. ఆ రోజు మూడోసారి పెట్టారు, మళ్ళీ ఓడింది. దానికి రెండు రోజుల ముందు, మార్చి 27న, సరే ఏం కావాలో మేమే తేల్చుకుంటాం అని ఎంపీలు ఎనిమిది ప్రత్యామ్నాయాల మీద ఓటింగ్ పెట్టుకుంటే ఎనిమిదింటికీ నో. ఏప్రిల్ 1న నాలుగింటికి కుదించారు, నాలుగూ పోయాయి. కస్టమ్స్ యూనియన్ ప్రతిపాదన మూడంటే మూడు ఓట్లతో పోయింది. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.

అప్పటి నా పరిస్థితి ఏంటంటే, ఆఫీసు నుంచి వచ్చి టీవీ పెట్టి స్పీకర్ జాన్ బెర్కో "ఆర్డర్, ఆర్డర్" అని అరుస్తుంటే అన్నం తినడం అలవాటైపోయింది. మా ఆవిడకి ఎంపీల పేర్లు నాకన్నా ఎక్కువ వచ్చేశాయి. మొదట్లో అది సరదాగానే ఉండేది. మార్చి 20న మే టీవీలో మాట్లాడుతూ, మీరు విసిగిపోయారని నాకు తెలుసు, నేను మీ వైపే, తప్పంతా ఎంపీలది అన్నట్టు చెప్పింది. మా పక్కింటి పెద్దాయన మర్నాడు కంచె దగ్గర నిలబడి "మూడు నెలల నుంచీ తనే గదా ఆ సభని నడిపిస్తోంది?" అన్నాడు. ఆయన స్విండన్ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి, 1986లో అది మూతపడినప్పుడు ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి. లీవ్‌కి ఓటేశాడు. భార్యకి షుగర్, ఇన్సులిన్ మీద ఉంటుంది. ఒప్పందం లేకుండా బయటికి పోతే రేవుల్లో లారీలు ఆగిపోతాయని, మందుల కంపెనీలు ఆరు వారాల నిల్వ అదనంగా పెట్టుకోవాలని ప్రభుత్వమే చెప్పింది. జనం మాత్రం ఇళ్ళల్లో దాచుకోవద్దంది. తను ఓటేసిన పని జరగట్లేదని కోపం ఒకవైపు, జరిగితే భార్య మందు దొరుకుతుందో లేదో అని భయం ఇంకోవైపు. ఆ రెండూ ఒకే మనిషిలో ఉండటం నేను చూశాను కాబట్టి, లీవ్ వాళ్ళంతా మూర్ఖులనే మాట నాకు నచ్చదు.

ఆఫీసులో ఒకావిడ రిమెయిన్. మార్చి 23న లండన్‌లో మళ్ళీ రెఫరెండం కావాలని లక్షలమంది నడిచిన ఊరేగింపులో ఆమె కూడా ఉంది. బ్రెగ్జిట్ రద్దు చేయమన్న పార్లమెంటు పిటిషన్‌లో 60 లక్షల సంతకాలు దాటాయి, అందులో ఆమెది ఒకటి. సెప్టెంబరు కల్లా ఆమె వార్తలు చూడటమే మానేసింది.

రోజువారీ బతుకులో విసుగు ఇంకో రకంగా ఉండేది. మా క్లయింటు కొత్త ప్రాజెక్టు ఏది అడిగినా "బ్రెగ్జిట్ తేలాక చూద్దాం" అనేవాడు. కాంట్రాక్టు మీద ఉన్న కుర్రాళ్ళకి పొడిగింపులు నెలనెలా ఇచ్చేవారు. మేం ఇల్లు కొందామని డిపాజిట్ జమ చేసి పెట్టుకుంటే, 2018 నవంబరులో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ పరిస్థితి మరీ చెడితే ఇళ్ళ ధరలు 30 శాతం దాకా పడొచ్చని లెక్క చెప్పింది. కొందామా ఆగుదామా అని ఇంట్లో రోజూ అదే చర్చ. 2019 ఫిబ్రవరిలో హోండా స్విండన్ ఫ్యాక్టరీ మూసేస్తామంది, 3,500 ఉద్యోగాలు. కంపెనీ మాత్రం ఇది బ్రెగ్జిట్ వల్ల కాదు, ప్రపంచంలో కార్ల వ్యాపారమే మారిపోతోంది అంది. ఊళ్ళో సగంమంది నమ్మారు, సగంమంది నమ్మలేదు. పార్లమెంటులో మాత్రం సవరణకి సవరణ మీద ఓటింగ్.

బయటికి పోవాల్సిన దేశం మే నెలలో యూరప్ పార్లమెంటు ఎన్నికలు కూడా జరిపింది! వాటిలో కొత్తగా పుట్టిన బ్రెగ్జిట్ పార్టీ 29 సీట్లు గెలిచింది, అధికార కన్జర్వేటివ్‌లకి నాలుగొచ్చాయి. థెరిసా మే దిగిపోయింది, ప్రధానిగా బోరిస్ జాన్సన్ వచ్చాడు. ఎదురు తిరిగిన 21 మంది సొంత ఎంపీలని పార్టీ నుంచి తీసేశాడు, వాళ్ళలో చర్చిల్ మనవడు కూడా ఉన్నాడు. పార్లమెంటుని ఐదు వారాలు ఆపాలని చూస్తే సుప్రీంకోర్టు 11 మంది జడ్జీలూ ఒక్కమాటగా చెల్లదన్నారు. ఎన్నికలకి పోదామంటే 2011 నాటి చట్టం ప్రకారం మూడింట రెండు వంతుల ఎంపీలు ఒప్పుకోవాలి, వాళ్ళు ఒప్పుకోరు. బిల్లూ పాసవదు, సభా రద్దవదు. ఈ చట్టం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు గానీ, జనానికి పిచ్చెక్కించడంలో దాని వాటా చిన్నది కాదు.

చివరికి డిసెంబరు 12న ఎన్నిక వచ్చింది. రెండు రోజుల ముందు జాన్సన్ జేసీబీ ఎక్కాడు. మన ఊళ్ళల్లో ప్రతి తవ్వే యంత్రాన్నీ జేసీబీ అంటామే, అదే, బ్రిటన్ కంపెనీయే. దాని ముందు ‘గెట్ బ్రెగ్జిట్ డన్’ (బ్రెగ్జిట్ పని ముగించేద్దాం) అని రాసి, ‘గ్రిడ్‌లాక్’ (ప్రతిష్టంభన) అని రాసిన థర్మకోల్ గోడని గుద్దుకుంటూ పోయాడు. చూసి నవ్వుకున్నాం. కానీ ఆ మూడేళ్ళలో ఏ నాయకుడూ జనం మనసులో మాట అంత సూటిగా చూపించలేదు. 365 సీట్లు, 80 మెజారిటీ. లేబర్ పార్టీ మాజీ ప్రధాని టోనీ బ్లెయిర్ పాత నియోజకవర్గం సెడ్జ్‌ఫీల్డ్ కూడా కన్జర్వేటివ్‌లకే పోయింది. ప్రతిపక్షమైన లేబర్ పార్టీ మళ్ళీ చర్చలు, మళ్ళీ రెఫరెండం అంది. ఆ "మళ్ళీ" అన్న మాట వినే ఓపిక ఎవరికీ లేదు.

నాకు మింగుడుపడనిది ఇక్కడే. మే ఇచ్చిన మూడు మాటల్లో మూడోదాన్ని జాన్సన్ వదిలేశాడు. అందుకే ఒప్పందం కుదిరింది. తనిఖీల గీత ఐర్లండ్ సరిహద్దు నుంచి సముద్రంలోకి, ఉత్తర ఐర్లండ్‌కీ మిగతా బ్రిటన్‌కీ మధ్యకి జరిగింది. ఏ బ్రిటిష్ ప్రధానీ ఒప్పుకోలేడని మే చెప్పిన గీతే ఇంచుమించు ఇదీ. ఎన్నికల టైములో దీని గురించి అడిగినవాళ్ళు తక్కువ. అడిగితే మళ్ళీ మొదలవుతుందేమో అని భయం. జనవరి 31 తర్వాత వ్యాపార ఒప్పందం చర్చలు మళ్ళీ మొదటి నుంచి మొదలై డిసెంబరు 24 దాకా సాగాయి. ఆ సముద్రం గీతని సర్దడానికి 2023లో విండ్సర్ ఫ్రేమ్‌వర్క్ అనే ఇంకో ఒప్పందం దాకా పట్టింది. జనం విసుగు న్యాయమైనదే. ఆ విసుగుని చూసి, ఏం ఇస్తున్నామో చెప్పకుండా సంతకం చేయించుకున్న పద్ధతే నాకు నచ్చలేదు.

మనవాళ్ళ సంగతి అడిగారు కాబట్టి: గోవా మిత్రుడు పాస్‌పోర్టుని ఫోన్ యాప్‌లో స్కాన్ చేసి సెటిల్డ్ స్టేటస్, అంటే బ్రిటన్‌లోనే ఉండిపోయే హక్కు, తెచ్చుకున్నాడు. మొదట్లో ఆ యాప్ ఆండ్రాయిడ్‌లోనే పనిచేసేది, తనది ఐఫోన్, అందుకని నా ఫోన్ మీదే చేశాం. 2021 నుంచి యూరప్ వాళ్ళకీ మనకీ ఒకే పాయింట్ల పద్ధతి వచ్చింది, జీతం పరిమితి కూడా అప్పట్లో తగ్గించారు, చదువు అయ్యాక రెండేళ్ళు ఉండి పనిచేసుకునే వీసా మళ్ళీ పెట్టారు. దాంతో తెలుగు విద్యార్థులు బాగా పెరిగారు. వలసలు తగ్గాలని లీవ్‌కి వేసిన పక్కింటాయన ఇంటికి అటువైపు ఇల్లు ఇప్పుడు గుంటూరు, ఖమ్మం కుర్రాళ్ళు అద్దెకి తీసుకున్నారు. ఆయన చెత్తడబ్బాలు ఏ రోజు బయట పెట్టాలో వాళ్ళకి నేర్పుతున్నాడు.