సైన్యం డ్రోన్లు కొంటే ఎవరు చూస్తారు, ఎక్కడ జారిపోతుంది?

ప్రశ్న ఇది: "31 ప్రిడేటర్ డ్రోన్లకు 32 వేల కోట్లట. ఇంకోపక్క చైనా పార్టులున్నాయని 400 డ్రోన్ల ఆర్డర్లు రద్దు చేశారట. ఇన్ని కోట్ల కొనుగోళ్ళను ప్రభుత్వంలో ఎవరైనా చూస్తారా? చూస్తే ఇలా ఎందుకవుతోంది? మనలాంటివాళ్ళు తెలుసుకునే దారేమైనా ఉందా?"

చూస్తారు. చూసేవాళ్ళు తక్కువేమీ లేరు. కాకపోతే సంతకానికి ముందు కాగితాన్ని చూసేవాళ్ళు ఎక్కువ, సరుకు చేతికొచ్చాక పెట్టె విప్పి చూసేవాళ్ళు తక్కువ. డ్రోన్లలో దెబ్బ తగిలేది ఎక్కువగా రెండో చోటే. రక్షణ కొనుగోళ్ళ ఫైళ్ళు, వాటి మీద వచ్చే ఆడిట్ పేరాలు చదివిన అనుభవంతో చెబుతున్నా.

ముందు మీ 32 వేల కోట్ల సంగతి. దాన్ని 31తో భాగించి "ఒక్కోటి వెయ్యి కోట్లు" అనడం టీవీ చర్చలకు బాగుంటుంది గానీ, ఆ లెక్క నిలవదు. ఆ మొత్తంలో విమానం ఒక్కటే లేదు. నేలమీది కంట్రోల్ స్టేషన్లు, సెన్సర్లు, ఆయుధాలు, శిక్షణ ఉన్నాయి. వీటికితోడు ఇక్కడే మరమ్మతు చేసేందుకు తయారీ కంపెనీతో చేసుకున్న విడి కాంట్రాక్టు కూడా ఉంది. ఈ డ్రోన్లు అమ్ముతున్న అమెరికా తమ కాంగ్రెస్‌కు 2024 ఫిబ్రవరి 1న ఇచ్చిన నోటీసులో 170 హెల్‌ఫైర్ క్షిపణులు, 310 చిన్న గ్లైడ్ బాంబులు కూడా కనిపిస్తాయి. నోటీసులోని 399 కోట్ల డాలర్లు గరిష్ఠ పరిమితి మాత్రమే. 2023 జూన్ 15న మన డిఫెన్స్ అక్విజిషన్ కౌన్సిల్ (రక్షణ మంత్రి అధ్యక్షతన కొనుగోళ్ళను చూసే సంఘం) అనుమతి ఇచ్చినప్పుడు రాసుకున్న అంచనా 307.2 కోట్ల డాలర్లు. భద్రతా వ్యవహారాల క్యాబినెట్ కమిటీ ఆమోదించాక 2024 అక్టోబరు 15న సంతకాలయ్యాయి. అంచనా, పరిమితి, ఒప్పందం మూడూ వేర్వేరు అంకెలు. ఎవరైనా ఒకదాన్ని పట్టుకుని "పెంచేశారు", "తగ్గించారు" అంటే, అది ఏ దశ అంకె అని ముందు అడగండి.

ఇంకో సంగతి. ఇది రెండు ప్రభుత్వాల మధ్య కొనుగోలు. పోటీ టెండరు లేదు, ఎల్-1 (అందరికంటే తక్కువ ధర వేసినవాడు) లేదు. ధర పుట్టిందెక్కడో చెప్పే కాగితాలు ఎక్కువభాగం అమెరికా వైపే ఉంటాయి. మన ఆడిట్ పరిశీలించేది మనమెంత కట్టాం, ఎందుకు కట్టాం అన్నంతవరకే.

ఇక మామూలు దారి. 2020 అక్టోబరు 1న అమల్లోకి వచ్చిన కొనుగోలు విధానం ప్రకారం ఫైలు ఇలా నడుస్తుంది: కంపెనీల నుంచి సమాచారం అడగడం, అవసరాల పట్టిక రాయడం, అవసరమేనని కౌన్సిల్ ఒప్పుకోవడం (ఏఓఎన్ అంటారు), బిడ్లు వేయమని కంపెనీలకు పంపే పత్రమైన ఆర్‌ఎఫ్‌పీ, సాంకేతిక పరిశీలన, ఫీల్డ్ ట్రయల్స్, ఆ ట్రయల్స్ ఫలితాల మీద సైన్యం చేసే స్టాఫ్ మూల్యాంకనం, ధర బేరం, ఆర్థిక అనుమతి, సంతకం. పెద్ద కేసుల్లో ట్రయల్స్ సరిగా జరిగాయో లేదో చూడటానికి ఇంకో పర్యవేక్షక కమిటీ ఉంటుంది. సాంకేతిక బిడ్, ధర బిడ్ రెండు వేర్వేరు కవర్లలో వస్తాయి. ట్రయల్స్‌లో నెగ్గినవాళ్ళ ధర కవర్లే విప్పుతారు. అవి విప్పేముందే బేరం కమిటీ తనంతట తాను ఒక న్యాయమైన ధర లెక్కగట్టి మినిట్స్‌లో రాసుకోవాలి. మూడు వేల కోట్లు దాటితే క్యాబినెట్ కమిటీకి వెళ్ళాల్సిందే.

కాబట్టి పేపర్లో "రక్షణ శాఖ ఇన్ని వేల కోట్ల కొనుగోళ్ళకు పచ్చజెండా" అని చదివితే అది ఏఓఎన్ మాత్రమే అనుకోండి. అప్పటికి రూపాయి కదల్లేదు. ఏఓఎన్ వచ్చి, ఆర్‌ఎఫ్‌పీ దాకా రాకుండానే గడువు తీరిపోయిన కేసులు కూడా ఉంటాయి.

అవసరాల పట్టిక దగ్గర కాస్త ఆగాలి. సగం రోగం అక్కడే పుడుతుంది. ఎంత ఎత్తు, ఎన్ని గంటలు, ఎంత బరువు అని వినియోగించేవాళ్ళే రాస్తారు. నాలుగు విదేశీ బ్రోచర్లు ముందేసుకుని ప్రతిదాంట్లోంచీ ఉత్తమమైన అంకె ఏరి ఒకే డ్రోన్‌లో కావాలంటే, అలాంటిది ప్రపంచంలో ఎవరి దగ్గరా ఉండదు. అప్పుడు ఒకే బిడ్డరు మిగులుతాడు, లేదా ఎవరూ మిగలరు. ఆ తర్వాత అంకె తగ్గిస్తే ఎవరి కోసం తగ్గించారన్న ప్రశ్న వస్తుంది. వీవీఐపీ హెలికాప్టర్ల కేసులో జరిగిందదే. 6,000 మీటర్ల ఎత్తు నిబంధనను 4,500కు దించారు, క్యాబిన్ ఎత్తు 1.8 మీటర్లు ఉండాలని చేర్చారు. పోటీ ఎలా కుంచించుకుపోయిందో, ట్రయల్స్ విదేశంలో ఎలా జరిగాయో 2013లో కాగ్ (ప్రభుత్వ ఖర్చులను ఆడిట్ చేసే సంస్థ) రాసింది. 12 హెలికాప్టర్ల ఆ ఒప్పందం 2014 జనవరి 1న రద్దయింది.

దేశీయంగా తయారుచేసుకున్నా అంకె అంకే. డీఆర్‌డీవో తయారుచేసిన తపస్ డ్రోన్‌కు అడిగింది 30 వేల అడుగులు, 24 గంటలు. అది చేరింది దాదాపు 28 వేల అడుగులు, 18 గంటలు. చూడటానికి చిన్న తేడాలా ఉంటుంది. కానీ బరువు అనుకున్నదానికంటే పెరిగితే అదే ఇంజిన్‌తో ఎత్తూ తగ్గుతుంది, గంటలూ తగ్గుతాయి. ఒకటి సర్దితే ఇంకొకటి జారుతుంది. 2020 విధానంలో అవసరాలను ట్రయల్స్ నాటికే ఉండాల్సినవి, తర్వాత చూపించగలిగినవి అని రెండుగా విడగొట్టింది ఇలాంటి చిక్కులకే. నా దృష్టిలో ఆ విధానంలోకెల్లా పనికొచ్చే అంశం ఇదే. వాడుకలో మాత్రం అన్నీ మొదటి గంపలోనే వేసే అలవాటు ఇంకా పోలేదు.

ట్రయల్స్ కంపెనీ సొంత ఖర్చుతో జరుగుతాయి. సైన్యం వైపునుంచి కొంటామన్న హామీ ఉండదు. చిన్న కంపెనీకి ఇది మోయలేని భారం, అందుకే ఎక్కడో ఒకచోట సర్దుబాటు వెతుకుతుంది. చిన్న డ్రోన్లలో గమనించాల్సినవి ఇవి. బ్రోచర్‌లోని ఎగిరే సమయం సముద్రమట్టం దగ్గర, గాలి లేనప్పుడు, బరువు లేకుండా తీసినదై ఉంటుంది. పదిహేను వేల అడుగుల చోట గాలి పలుచన. రెక్కలు ఎక్కువ వేగంగా తిరగాలి, కరెంటు ఎక్కువ తాగుతాయి. చలికి బ్యాటరీ సామర్థ్యం పడిపోతుంది. అందుకని రిపోర్టులో "60 నిమిషాలు, పాస్" అని ఉంటే చాలదు. ఏ ఎత్తులో, ఏ ఉష్ణోగ్రతలో, ఎంత పేలోడ్‌తో (మోసే బరువుతో), ల్యాండయ్యాక బ్యాటరీలో ఎంత మిగిలింది అన్న నాలుగూ రాసి ఉండాలి. జీపీఎస్ జామ్ చేసినప్పుడు ఏం చేసిందన్నది అయిదోది. తిరిగొచ్చిందా, ఉన్నచోటే తిరుగుతూ కూర్చుందా, పడిపోయిందా?

ఇప్పుడు చైనా పార్టుల విషయం. 2025 ఫిబ్రవరిలో రద్దయినవి సరుకు మోసే డ్రోన్ల మూడు కాంట్రాక్టులు, విలువ 230 కోట్ల ప్రాంతం. నిబంధనలుండి కూడా ఇలా ఎలా జరిగింది అంటే, ఒక్కో నిబంధన ఒక్కో తలుపు మూసింది, కిటికీ మాత్రం తెరిచే ఉంది.

2020 జులై 23 నాటి ఆర్థిక శాఖ ఉత్తర్వు, అంటే సాధారణ ఆర్థిక నియమాల్లో రూల్ 144కు తెచ్చిన సవరణ, మనతో భూసరిహద్దున్న దేశాల బిడ్డర్లు ముందుగా రిజిస్టరవ్వాలంటుంది. అది ముఖ్యంగా బిడ్డరు ఎవరు, యాజమాన్యం ఎవరిది అని అడుగుతుంది. బోర్డు మీద చిప్పు ఎక్కడిదని అడగదు. 2022 ఫిబ్రవరి 9న విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ డ్రోన్ల దిగుమతిని నిషేధించింది. విడిభాగాలుగా విప్పి తెచ్చే కిట్లు కూడా అందులో ఉన్నాయి, కానీ విడి పార్టులకు అనుమతే అక్కర్లేదు. ఇక "దేశీయ డిజైన్" కేటగిరీలో 50 శాతం స్వదేశీ వాటా ఉండాలి. ఆ వాటాను రూపాయల్లో లెక్కిస్తారు: కాంట్రాక్టు మూల ధరలోంచి దిగుమతి సామాను ఖర్చు, దాని రవాణా, బీమా, విదేశీ లైసెన్సు ఫీజులు, పన్నులు తీసేస్తే మిగిలింది స్వదేశీ. బాడీ, అసెంబ్లీ, సాఫ్ట్‌వేర్ కలిస్తే సగం దాటడం కష్టం కాదు. మిగతా సగంలో ఫ్లైట్ కంట్రోలర్, డేటా లింక్ రేడియో, జీపీఎస్ మాడ్యూల్ ఉండొచ్చు. శత్రువుకు కావాల్సింది సరిగ్గా ఆ మూడే. విలువలో పదో వంతు కూడా ఉండని భాగం భద్రతలో అన్నిటికంటే ముఖ్యమైనదవుతుంది. ఈ లెక్కకు ఆ తేడా తెలియదు.

సర్టిఫికెట్ మొదట ఇచ్చేది కంపెనీయే. దాన్ని నమ్మి ఊరుకోకుండా చేయదగ్గ పనులున్నాయి. బోర్డు స్థాయి దాకా పార్టుల పట్టికను ఆర్‌ఎఫ్‌పీలోనే అడగాలి. ట్రయల్స్‌కు ఇచ్చిన యూనిట్ ఒకటి, డెలివరీ లాట్‌లోంచి ఏదో ఒకటి తీసి రెంటినీ విప్పి పక్కపక్కన పెట్టాలి. చిప్పుల మీది అక్షరాలు గీకేసి ఉంటే అదే జవాబు. రేడియో ఫర్మ్‌వేర్ (దాన్ని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) వెర్షన్ రాసిపెట్టుకోవాలి. ల్యాబ్‌లో డ్రోన్‌ను, దాని కంట్రోల్ ట్యాబ్‌ను ఆన్ చేసి ఎవరితో మాట్లాడటానికి ప్రయత్నిస్తున్నాయో నెట్‌వర్క్ లాగ్ తీయాలి. తప్పు ఎక్కువగా జరిగేది లాట్ల మధ్య. ట్రయల్ నమూనాలో మంచి పార్టు ఉంటుంది. రెండో లాట్‌కు అది దొరకదు, గడువు తరుముతుంది, జరిమానా భయం ఉంటుంది, చవకలో అదే కొలతకు సరిపోయేది వచ్చి చేరుతుంది. మార్పుకు రాతపూర్వక అనుమతి అడగాలన్న క్లాజు కాంట్రాక్టులో ఉంటుంది, అడిగేవాళ్ళు తక్కువ.

డెలివరీ తర్వాత విడిభాగాల కొనుగోలు ఇంకో లోకం. దీనికి నేను చూసినవాటిలో మంచి ఉదాహరణ 2020 సెప్టెంబరులో పార్లమెంటు ముందుకొచ్చిన వాయుసేన ఆడిట్ నివేదికలో ఉంది. 2010 మార్చిలో వాయుసేన తన మానవరహిత విమానాలకు ఐదు రోటాక్స్ 914 ఇంజిన్లు ఇజ్రాయెల్ ఏరోస్పేస్ ఇండస్ట్రీస్ నుంచి కొంది, ఒక్కోటి 87.45 లక్షలు. అదే ఇంజిన్‌ను 2012 ఏప్రిల్‌లో డీఆర్‌డీవో ల్యాబ్ 24.30 లక్షలకు కొంది. తేడా 63.15 లక్షలు, ఐదింటికి దాదాపు 3.16 కోట్లు. పైగా సర్టిఫై కాని ఇంజిన్లు వచ్చాయని, ప్రమాదాలు జరిగాయని, ఒక విమానం పోయిందని కాగ్ రాసింది.

మూడు కోట్లు రక్షణ బడ్జెట్‌లో లెక్కలోకి రాదు, నిజమే. దాని వెనక అలవాటు ముఖ్యం. విమానం అమ్మినవాడే ఇంజిన్ కూడా ఇవ్వాలనుకున్నప్పుడు, పోల్చడానికి కిందటిసారి అతనికే కట్టిన ధర ముందుకొస్తుంది. ఇంజిన్ తయారుచేసేవాడు వేరే ఉన్నాడు, అతని ధర వేరే ఉంది అని వెతికే పని ఫైల్లో ఎవరికీ అప్పగించి ఉండదు. పెద్ద డ్రోన్లలో ఇంజిన్, కెమెరా టరెట్, రేడియో చాలావరకు అమ్మకందారు సొంత తయారీ కావు. ఒక్కోదానికి అసలు తయారీదారు కొటేషన్ విడిగా అడగడం బేరం కమిటీకి పెద్ద పనేమీ కాదు. ఆ నివేదికలో ఇంకోటీ గమనించండి: 2010 నాటి కొనుగోలు మీద పేరా 2020లో వచ్చింది. కాగ్ చేసేది శవపరీక్ష, వైద్యం కాదు.

అత్యవసర కొనుగోళ్ళలో ఈ దశలన్నీ కుదించుకుపోతాయి. త్వరగా సరుకు అందాలన్నదే షరతు, ట్రయల్స్ చాలా తక్కువ. 2025 జూన్‌లో సైన్యానికి 1,981.90 కోట్ల విలువైన 13 కాంట్రాక్టులు ఈ దారిలోనే జరిగాయి, అందులో డ్రోన్లు, లాయిటరింగ్ మ్యూనిషన్లు (గాల్లో తిరుగుతూ లక్ష్యం దొరకగానే దానిమీద పడి పేలేవి) ఉన్నాయి. యుద్ధం ముంచుకొస్తుంటే ఈ దారి అక్కర్లేదని నేననను. ఈ దారిలో కొన్నదాన్నే చూపించి, ఇప్పటికే వాడుకలో ఉంది కదా అని రెండోసారి పెద్ద ఆర్డరు పెట్టడం దగ్గరే నా అభ్యంతరం. అప్పుడైనా పూర్తి ట్రయల్స్ జరగాలి.

బయటినుంచి తెలుసుకునే దారులు. పీఐబీ (కేంద్ర ప్రభుత్వ పత్రికా సమాచార విభాగం) ప్రకటనలో కేటగిరీ పేరు చూడండి, స్వదేశీ వాటా ఎంత ఉండాలో దాన్నిబట్టే తెలుస్తుంది. పార్లమెంటు రక్షణ స్థాయీ సంఘం నిధుల డిమాండ్ల మీద ఇచ్చే నివేదికలు చదవండి. వాటిలో శాఖ ఇచ్చిన రాతపూర్వక జవాబులు యథాతథంగా ఉంటాయి, పేపర్లలో రానివి చాలా దొరుకుతాయి. కాగ్ పేరా మీద పబ్లిక్ అకౌంట్స్ కమిటీ అడిగిందా, శాఖ తీసుకున్న చర్యల నోట్ వచ్చిందా అన్నది తర్వాతి మెట్టు. రక్షణ మీది కాగ్ నివేదికలు అన్నీ వెబ్‌సైట్‌లో ఉండవు. ఉన్నా ధరలు చెరిపేసి ఉండొచ్చు, 2019 ఫిబ్రవరి నాటి రఫేల్ నివేదికలో చేసినట్టు.

ఆర్టీఐ వేస్తే డీఆర్‌డీవోను అడిగి లాభం లేదు. అవినీతి, మానవ హక్కుల ఆరోపణలు తప్ప మిగతావాటిలో దానికి చట్టం రెండో షెడ్యూలు కింద మినహాయింపు ఉంది. రక్షణ శాఖకు ఆ మినహాయింపు లేదు. "ధర ఎంత, ఎక్కడ మోహరించారు" అని అడిగితే సెక్షన్ 8(1)లోని భద్రత, వాణిజ్య రహస్యం క్లాజులు రాసి కొట్టేస్తారు. తేదీలు అడగండి: ఏఓఎన్ తేదీ, ఆర్‌ఎఫ్‌పీ తేదీ, గడువు ఎన్నిసార్లు పొడిగించారు, డెలివరీ కావాల్సినవి ఎన్ని, అయినవి ఎన్ని, ఆలస్యానికి జరిమానా వసూలు చేశారా, స్వదేశీ వాటా సర్టిఫికెట్‌ను ఎవరు తనిఖీ చేశారు. అదే దరఖాస్తులో, ఇవ్వలేని భాగం చెరిపి మిగతాది ఇమ్మని సెక్షన్ 10 కింద అడుగుతున్నట్టు ఒక వాక్యం రాయండి. ముప్ఫై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, ఇంకో ముప్ఫై రోజుల్లోపు మొదటి అప్పీలు వేసేయండి. ఆ గడువు దాటించి ఓడిపోకండి.