కారు అమ్ముతున్న మేనకోడలికి

చిట్టితల్లీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. నువ్వు కారు అమ్మకానికి పెట్టావనీ, మధ్యలో బ్రోకర్ ఎవరూ లేకుండా ఫొటోలు తీయడం దగ్గర్నుంచి బేరం దాకా అన్నీ నువ్వే చూసుకున్నావనీ చెప్పాడు. ఆ గర్వం గొంతులోనే తెలిసిపోయింది. నాకూ అంతే సంతోషమేసింది. నీ జీతంతో కొనుక్కున్న బండి, నువ్వే అమ్ముకుంటున్నావు. ఫోన్ పెట్టేసే ముందు మాటల్లో మాటగా "శనివారం సాయంత్రం డబ్బిచ్చి తీసుకెళ్తారట" అన్నాడు. ఆ ముక్క విన్నాక నాకు నిద్ర పట్టలేదు. తెల్లారకుండానే లేచి ఇది రాస్తున్నాను. మధ్యలో తిడతాను, అయినా చివరిదాకా చదువు.

బండి కడిగించు, సర్వీసు కాగితాలన్నీ ఒకచోట పెట్టు. నడిపి చూస్తామంటే ముందు లైసెన్స్ చూడు, పక్క సీట్లో నువ్వు కూర్చున్నాకే తాళం ఇవ్వు. లోను ఇంకా మిగిలుంటే దాచకు. కొనేవాళ్లని లోను ఇచ్చిన చోటికే తీసుకెళ్లి, బాకీ అక్కడే కట్టించి, తీరిపోయిందని కాగితం తీసుకో. ఇవన్నీ నీకు తెలిసినవే. నా భయమంతా డబ్బు నీ చేతికొచ్చే ఆ అరగంట గురించే.

మీ మామయ్య కారు ఎవరో ఎత్తుకుపోయారని నీ చిన్నప్పుడు చెప్పాం కదా. అది నిజం కాదు. నా చేత్తో నేనే ఇచ్చాను.

అప్పుడు మామయ్యకి ఆపరేషన్ అయి మంచం మీద ఉన్నారు. చాలాకాలం బండి నడపకూడదన్నారు. ఖర్చులు చూస్తే అలా ఉన్నాయి. కారు అమ్మేద్దామని నేనే ప్రకటన ఇచ్చాను. శుక్రవారం సాయంత్రం ఇద్దరు వచ్చారు, భార్యాభర్తలమన్నారు. అతను కారు చుట్టూ ఒక్కసారి తిరిగాడంతే. బానెట్ ఎత్తి చూడలేదు, టైర్ల వంక చూడలేదు, బేరం కూడా పెద్దగా ఆడలేదు. కష్టపడి దాచుకున్న డబ్బు పెట్టేవాడు అలా ఉండడని నాకు తట్టలేదు. ఆవిడ లోపలికొచ్చి, మామయ్య మంచం పక్కన కూర్చుని, ఏ మందులు వాడుతున్నారు, నొప్పి తగ్గిందా అని ఎంతో ఆపేక్షగా అడిగింది.

డబ్బు డ్రాఫ్టుగా తెచ్చారు. చెక్కయితే నేను తీసుకునేదాన్ని కాదు, చెక్కు బౌన్స్ అవుతుందని నాకూ తెలుసు. డ్రాఫ్టంటే బ్యాంకు ముందే డబ్బు కట్టించుకుని ఇచ్చే కాగితం, దానికి తిరుగుండదని నమ్మాను. అసలైన డ్రాఫ్టు విషయంలో అది నిజమే. నా చేతిలో ఉన్నది అసలైనదా కాదా అన్నదే ప్రశ్న. నేనేమీ గుడ్డిగా తీసుకోలేదు తల్లీ. దాని మీద బ్రాంచి ఫోన్ నంబరు ఉంటే, వాళ్ల ఎదురుగానే ఆ నంబరుకి చేశాను. రెండు రింగులకే ఒకావిడ ఎత్తి, డ్రాఫ్టు నంబరు అడిగి, "అవునండీ, మేమే ఇచ్చాం" అంది. నా గుండెల మీంచి బరువు దిగినట్టయింది. సాయంత్రం ఆరు దాటిన తర్వాత బ్యాంకులో ఫోన్ ఎత్తేదెవరని ఒక్క క్షణం ఆలోచించలేదు. సంతకాలు పెట్టాను, కాగితాలిచ్చాను, తాళం ఇచ్చాను. స్పేర్ తాళం బీరువాలోంచి వెతికి మరీ తెచ్చిచ్చాను.

సోమవారం డ్రాఫ్టు వేశాను. మర్నాటికి పాస్‌బుక్‌లో అంకె కనిపించింది. మామయ్యకి చూపించి, ఆసుపత్రి బాకీ తీర్చేశాను. గురువారం బ్యాంకు నుంచి ఫోన్. వెళితే కౌంటర్లో ఉన్న అమ్మాయి నా డ్రాఫ్టునీ, ఒక అసలు డ్రాఫ్టునీ పక్కపక్కన పెట్టి ఊదారంగు దీపం కింద చూపించింది. అసలు దాని కాగితం నల్లగా, మసకగా ఉండి, మధ్యమధ్యలో సన్నటి పోగులు మాత్రం మెరుస్తున్నాయి. నాది ఈ చివర్నుంచి ఆ చివరికి నీలంగా వెలిగిపోతోంది. మామూలు తెల్ల కాగితం ఆ వెలుగులో అలాగే మెరుస్తుందట. నేను ఫోన్ చేసిన నంబరు చూపిస్తే, అది వాళ్ల ఏ బ్రాంచిదీ కాదంది. దొంగ డ్రాఫ్టు అచ్చు వేసినవాడే దాని మీద తన మనిషి నంబరు కూడా వేశాడు. ఖాతాలో పడిన డబ్బు బ్యాంకు వెనక్కి తీసుకుంది. అందులోంచి నేను ఖర్చు పెట్టేసింది అప్పుగా నా నెత్తిన పడింది. ఇన్సూరెన్స్ వాళ్లని అడిగితే, మీరే ఇష్టపడి తాళం ఇచ్చారు కాబట్టి ఇది దొంగతనం కిందికి రాదన్నారు.

మామయ్య నన్ను ఒక్క మాట అనలేదు. చాలాసేపయ్యాక, "మందుల పేర్లు కూడా అడిగిందే ఆ పిల్ల" అన్నారు. ఆ తర్వాత ఆయన బతికున్నన్నాళ్లూ ఆ కారు ఊసెత్తలేదు.

ఇదంతా నీకెందుకు చెప్తున్నానంటే, ఆ సాయంత్రం "సోమవారం బ్యాంకులో చూపించాక తాళం ఇస్తాను" అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన పక్కన అంత ప్రేమగా కూర్చున్న పిల్ల మొహం మీద నిన్ను నమ్మనని ఎలా అనడం? మొహమాటపడ్డాను. నువ్వు నా పోలికే. ఇంటికొచ్చినవాళ్లని నొప్పించలేవు. అందుకని ఆ మాట మనుషులు ఎదురుగా లేనప్పుడే, ఫోన్లోనే చెప్పెయ్. "డబ్బు నా ఖాతాలో పడి, మా బ్యాంకు ఖాయం చేశాకే తాళమూ కాగితాలూ ఇస్తాను." నిజంగా కొనేవాళ్లు దీనికి నొచ్చుకోరు. డబ్బు కట్టాక ఈ అమ్మాయి బండి ఇవ్వకపోతే ఎలా అన్న భయం వాళ్లకీ ఉంటుంది. వాళ్ల బ్యాంకులోనో నీ బ్యాంకులోనో, పని రోజు పొద్దున పూట కలుసుకుంటే ఇద్దరి భయమూ అక్కడే తీరుతుంది. వాళ్లు డ్రాఫ్టే ఇస్తామంటే, దాన్ని తయారు చేయించుకునేటప్పుడు నువ్వూ ఆ కౌంటర్ దగ్గరే ఉండు. కౌంటర్లోంచి నేరుగా నీ చేతిలోకి రావాలి. ఫోన్ చేసి కనుక్కోవాలంటే నంబరు నువ్వే వేరే చోట వెతుక్కో. వాళ్లిచ్చిన కాగితం మీది నంబరుకి మాత్రం చెయ్యకు.

ఇప్పుడు నిన్ను తిట్టాల్సిన సంగతి. వాళ్లు అడ్వాన్సు పంపామని స్క్రీన్‌షాట్ పెడితే నువ్వు "అందింది, థాంక్స్" అని జవాబిచ్చావట! నీ ఖాతా తెరిచి చూశావా? చూడలేదని నాన్నే చెప్పాడు. అందిందని నీ చేత్తో నువ్వే రాసిచ్చేస్తే రేపు ఎవరితో ఏం వాదిస్తావు? స్క్రీన్‌షాట్ అంటే బొమ్మ. నిమిషంలో తయారవుతుంది. బ్యాంకు పేరుతో వచ్చే మెసేజ్‌నీ నమ్మడానికి లేదు, పంపినవారి పేరు ఎలా కావాలంటే అలా కనిపించేలా చేసే మాయగాళ్లున్నారు. వాళ్ల ఫోన్లో పచ్చ టిక్కు చూపించినా లెక్కలోకి రాదు, ఉత్తుత్తి టిక్కు చూపించడానికే యాప్‌లు తయారు చేశారు. నీ ఫోన్లో, నీ బ్యాంకు యాప్ నువ్వే తెరిచి, వాడుకోవడానికి ఉన్న బ్యాలెన్స్ ఎంతో చూడు. అనుమానంగా ఉంటే బ్యాంకుకే వెళ్లి, ఈ డబ్బు వెనక్కి పోయే అవకాశం ఉందా అని నోరు తెరిచి అడుగు. అంకె కనిపించడం వేరు, డబ్బు నీదవడం వేరు. చెక్కుకీ డ్రాఫ్టుకీ ఈ తేడా మరీ ఎక్కువ.

కోప్పడ్డానని బాధపడకు తల్లీ. నీ వయసులో నేనైతే ఆ స్క్రీన్‌షాట్‌ని పదిమందికి చూపించి మురిసిపోయేదాన్ని.

అన్నిట్లోకీ నాకు నచ్చింది నేరుగా ఖాతాలోకి ట్రాన్స్‌ఫర్ చేయించడం. ముందు చిన్న మొత్తం పంపమను. అది నీకు చేరాక, పంపినవాళ్ల పేరు సరిపోయిందో లేదో చూసి, అప్పుడు మిగతాది పంపమను. కొత్త ఖాతాకి పెద్ద మొత్తం పంపాలంటే చాలా బ్యాంకులు కొంతసేపు ఆపుతాయి, రోజుకింత అని పరిమితి కూడా ఉంటుంది. ఆ ఏర్పాటేదో ముందు రోజే చూసుకోమని చెప్పు. లేకపోతే సగం డబ్బు పడి, "మిగతాది రేపు పొద్దున్నే పంపేస్తాం, ఇప్పుడు బండి తీసుకెళ్తాం" అంటారు. అప్పుడు ఇవ్వకు. సగం డబ్బుకి బండి సగం ఇవ్వలేవు కదా.

కార్డు మీద కడతామంటే వద్దను. కార్డు డబ్బుని ఫిర్యాదు చేసి వెనక్కి తెప్పించుకోవచ్చు, చాలా రకాల ఫిర్యాదులకి 120 రోజుల దాకా గడువు ఉంటుంది. నాలుగు నెలలు నువ్వు ఊపిరి బిగబట్టుకుని కూర్చోలేవు.

డబ్బు పంపే ఖాతా కొనేవాళ్ల పేరు మీదే ఉండాలి. మా బావగారు పంపుతారు, మా ఫ్రెండు పంపుతాడు అంటే ఒప్పుకోకు. ఎక్కడో ఎవరినో మోసం చేసిన సొమ్ము ఇలా మూడో మనిషి ఖాతాలోంచి వచ్చి నీ ఖాతాలో పడుతుంది. ఆ మోసపోయినవాళ్లు ఫిర్యాదు చేస్తే స్తంభించేది నీ ఖాతా. పొరపాటున ఎక్కువ పంపాం, పై డబ్బు తిరిగి పంపెయ్యండి అని కంగారు పెట్టినా నువ్వు కంగారు పడకు. ముందు పంపింది బూటకం, నువ్వు తిరిగి పంపేది మాత్రం నిజం డబ్బు. డబ్బు తీసుకోవడానికి కోడ్ స్కాన్ చెయ్యమన్నా, పిన్ కొట్టమన్నా, ఓటీపీ చెప్పమన్నా అక్కడితో బేరం ఆపేసెయ్. పిన్ కొడితే డబ్బు పోతుంది, రాదు.

నగదైతే బ్యాంకు కౌంటర్ దగ్గరే తీసుకుని అక్కడే జమ చేసెయ్. లెక్కపెట్టడం, దొంగనోట్లు ఏరడం క్యాషియర్ చూసుకుంటారు. ఇంట్లో అంత డబ్బు పెట్టుకుని నువ్వు ఒక్కదానివీ ఉంటావంటే నా ప్రాణం ఒప్పుకోదు.

డబ్బు ఖాయమయ్యాక రసీదు రెండు కాపీలు రాసి, ఇద్దరూ రెండింటి మీదా సంతకాలు పెట్టండి. మొత్తం ఎంత, ఏ పద్ధతిలో వచ్చింది, ట్రాన్సాక్షన్ నంబరు, తేదీ, దానితోపాటు గంట, నిమిషం. గంటా నిమిషం ఎందుకంటే, ఆ సాయంత్రమే వాళ్లు ఎవరినైనా గుద్దితే అప్పటికి బండి నీ చేతిలో లేదని చూపించాలి. చాసిస్ నంబరు కూడా రాయి. 17 అక్షరాలు, అంకెలు ఉంటాయి. బండి మీద చూసి రాయి, జ్ఞాపకం మీద రాయకు. ఇంగ్లీషు అక్షరాల్లో ఐ, ఓ, క్యూ అందులో వాడరు కాబట్టి గుండ్రంగా కనిపించింది సున్నాయే. పేరు మార్పు సంగతి వాళ్లు చూసుకుంటారులే అని వదిలెయ్యకుండా, అమ్మేశానని నువ్వే అదే రోజు రిజిస్ట్రేషన్ ఆఫీసుకి తెలియజెయ్యి. ఇన్సూరెన్స్ వాళ్లకీ చెప్పు. కారులో సేవ్ అయిన నీ ఫోన్ నంబర్లు, ఇంటి అడ్రసు చెరిపెయ్యి.

నేను రానా అంటే నువ్వు వద్దంటావని తెలుసు. ఒక్కదానివే చెయ్యగలవు, నాకు అనుమానం లేదు. నాకు ఫోన్ కలిపి, పెట్టెయ్యకుండా అలాగే జేబులో ఉంచుకో, నేను ఏమీ మాట్లాడను.

ముందు ఈ లెటర్ పక్కన పెట్టి, ఆ అడ్వాన్సు నిజంగా పడిందో లేదో నీ ఖాతా తెరిచి చూడు. తర్వాత వాళ్లకి ఫోన్ చేసి శనివారం సాయంత్రం కుదరదు, సోమవారం పొద్దున పది గంటలకి బ్యాంకు దగ్గర కలుద్దాం అని చెప్పు. ఏమన్నారో నాకు వెంటనే మెసేజ్ పెట్టు. ఎదురు చూస్తుంటాను.

మీ అత్త