కిల్టు కట్టుకుని పెళ్లికి వెళ్తున్న మేనల్లుడికి: దారిలో పోలీసులు ఆపితే

అల్లుడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి ఒకటే గోల. "వాడు స్టిర్లింగ్‌లో ఫ్రెండ్ పెళ్లికి గౌను లాంటిదేదో కట్టుకుంటున్నాడట, మేజోట్లో కత్తి కూడా పెట్టుకుంటారట, పోలీసులు పట్టుకుంటే చదువు ఏమవుతుందిరా తమ్ముడూ" అని. అది గౌను కాదక్కా, కిల్టు, స్కాట్లాండ్ మగవాళ్లు నడుముకి కట్టుకునే సంప్రదాయ దుస్తు అన్నాను, ఎక్కలేదు. కానీ కత్తి సంగతి మాత్రం ఆవిడ ఊరికే భయపడటం లేదు, నువ్వు తెలుసుకుని వెళ్లాల్సిందే, అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను. గ్లాస్గోలో నేను ఏళ్ల తరబడి పెళ్లిళ్లకీ, జనవరి 25న కవి రాబర్ట్ బర్న్స్ పేరున జరిగే బర్న్స్ సప్పర్ విందులకీ కిల్టులోనే వెళ్తున్నాను. పోలీసులు ఆపి అడిగిన సందర్భాలూ ఉన్నాయి, అన్నీ మాటలతోనే అయిపోయాయి.

ముందు ఒకటి. కిల్టు కట్టుకున్నందుకు ఇక్కడ నిన్నెవరూ ఆపరు. శనివారం సాయంత్రం రైల్వే స్టేషన్లో నిలబడితే నీలాంటి వాళ్లు కనీసం పది మంది కనిపిస్తారు. బట్టే నేరమైన రోజులు ఉండేవి, ఎప్పుడో. 1746 ఏప్రిల్‌లో కల్లోడెన్ యుద్ధంలో హైలాండ్ వాళ్లు, అంటే స్కాట్లాండ్ ఉత్తరాది కొండల వాళ్లు, ఓడిపోయాక లండన్ ప్రభుత్వం ఆ దుస్తుల మీద నిషేధం పెట్టింది, 1747 ఆగస్టు 1 నుంచి అమలు. మొదటిసారి దొరికితే 6 నెలల జైలు, రెండోసారి దొరికితే 7 ఏళ్లు సముద్రాల అవతలకి పంపేసేవాళ్లు. అదే ప్రభుత్వం తన సైన్యంలో చేరిన హైలాండ్ సైనికులకి మాత్రం కిల్టు ఇచ్చింది, ఆ తెలివి చూడు. 1782లో ఆ చట్టం ఎత్తేశారు.

ఇప్పుడు పోలీసు అడిగేదల్లా నీ సాక్సులోంచి పిడి కనిపించే ఆ చిన్న చాకు గురించి. దాన్ని స్కీన్ డూ అంటారు, కుడిచేతి వాటం వాళ్లు కుడి కాలి మేజోట్లో పెట్టుకుంటారు. మామూలుగా అయితే స్కాట్లాండ్‌లో బయట పదునైన చాకు దగ్గర పెట్టుకోవడం నేరం, జైలుకి పంపేంత నేరం, 1995 నాటి క్రిమినల్ లా చట్టం 49వ సెక్షన్. అందులోనే కొన్ని మినహాయింపులున్నాయి: పని కోసం, మతం కోసం, జాతీయ దుస్తుల్లో భాగంగా. సిక్కుల కిర్పాణ్‌ని కాపాడేది ఆ రెండోది, నిన్ను కాపాడేది మూడోది. గుంటూరు కుర్రాడు స్కాట్లాండ్ దుస్తులు వేసుకుంటే అది వాడి జాతీయ దుస్తులు ఎలా అవుతాయని నీకు అనుమానం రావచ్చు, నాకూ వచ్చింది, చట్టం తెరిచి చదివాను. ఏ జాతీయ దుస్తులైనా సరే అని ఉంది గానీ, వేసుకున్నవాడిది ఏ జాతి అని అందులో లేదు. ఆ టెన్షన్ వదిలెయ్.

ఇంటర్నెట్లో ఒక మాట తిరుగుతుంది, 3 అంగుళాల లోపు చాకు అయితే ఏం పర్లేదు అని. అది మడిచే జేబుచాకులకి, అదీ తెరిచాక లాక్ పడనివాటికి మాత్రమే. స్కీన్ డూ మడవదు, కాబట్టి ఎంత చిన్నదైనా ఆ లెక్కలోకి రాదు. అంటే నిన్ను కాపాడేది చాకు సైజు కాదు, ఒంటి మీదున్న డ్రెస్సు. ఇది గుర్తుపెట్టుకుంటే మిగతాదంతా నీకే తడుతుంది. పార్టీ అయ్యాక కిల్టు విప్పేసి, జీన్స్ వేసుకుని, చాకుని బ్యాగు జేబులో పడేసి రాత్రి రైలెక్కావనుకో, అప్పుడది దుస్తుల్లో భాగం కాదు, బ్యాగులో చాకు, అంతే. సూటు వేసుకొచ్చిన ఫ్రెండు "ఫొటో దిగి ఇస్తా" అని తీసుకుని మర్చిపోయి జేబులో వేసుకుని వెళ్లిపోతే వాడికీ అంతే. పబ్ బయట నిలబడి దాన్ని పైకి తీసి పదును చూపిస్తే, కిల్టు కట్టుకునే ఉన్నా సరే, నీ మాట ఎవరూ వినరు. పైగా ఈ మినహాయింపు దానంతటది నీకు రాదు, కారణం చూపించుకోవాల్సింది నువ్వే.

అందుకని నా సలహా, కొంచెం పిరికి సలహా అనుకున్నా ఫర్వాలేదు: అద్దె షాపులో ప్లాస్టిక్ స్కీన్ డూ అడుగు. పిడి ఉంటుంది, బ్లేడు ఉండదు, సాక్సులో పెడితే తేడా పెళ్లికూతురి అమ్మమ్మకి కూడా తెలీదు. చాలా షాపులు ఈ మధ్య సెట్‌తో పాటు ఇచ్చేదే అది. అసలుది పెట్టుకుంటేనే మజా అంటావా, నీ ఇష్టం, కానీ అప్పుడు పైనుంచి కింద దాకా పూర్తి డ్రెస్సులో ఉండు. కోటు, స్పోరన్ (నడుముకి ముందు వేలాడే చిన్న సంచి), పొడుగు మేజోళ్లు, అన్నీ. పైన హుడీ, కింద కిల్టు, కాళ్లకి ట్రైనర్స్ వేసుకుని మేజోట్లో చాకు దూర్చుకుంటే చూసేవాడికి పెళ్లివాడిలా కనపడవు.

పోలీసులు దీన్ని ఎందుకంత పట్టించుకుంటారో కూడా చెప్తాను, వాళ్ల మీద కోపం తెచ్చుకోకుండా ఉంటావు. గ్లాస్గోలో ఒకప్పుడు కత్తిపోట్లు రోజూ వినే వార్త. 2005లో ఇక్కడి పోలీసులు దానికోసమే హింస తగ్గించే విభాగం ఒకటి పెట్టి, కుర్రాళ్ల చేతుల్లోంచి చాకులు వదిలించడానికి ఏళ్లు కష్టపడ్డారు. వాళ్ల కంట్లో పిడి పడితే అడగడం సహజం. నన్ను ఒకసారి బర్న్స్ సప్పర్ నుంచి నడిచి వస్తుంటే ఇద్దరు ఆపారు, ఒకామె, ఒకతను. "అది నిజందేనా సర్?" అని అడిగింది ఆమె. అవునమ్మా, నిజందే, డ్రెస్సులో భాగం, ఫలానా హాల్లో విందుకి వెళ్లొస్తున్నాను, ఇంటికి పోతున్నాను అన్నాను. ఆహ్వానం ఫోన్లో ఉంది, చూపించమంటారా అన్నాను. అక్కర్లేదు, హ్యాగిస్ (ఆ విందులో పెట్టే మాంసం వంటకం) ఎలా ఉందని అడిగాడు అతను.

నువ్వు చెప్పాల్సింది కూడా అంతే. ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఎందుకీ డ్రెస్సు. చేతులు కనపడేలా ఉంచు. ఒక్కటి మాత్రం చచ్చినా చెయ్యకు, "ఇదిగో చూడండి" అంటూ వంగి చాకు బయటికి లాగకు. కావాలంటే వాళ్లే తీసుకుంటారు. నోటితో ముందే చెప్పు, కుడి కాలి మేజోట్లో ఉంది అని. సోదా మొదలయ్యాక దొరకడానికీ, నువ్వే ముందుగా చెప్పడానికీ చాలా తేడా ఉంది. జోకులు మాత్రం వద్దు, మన యాసలో మన వెటకారం వాళ్లకి సగమే అర్థమవుతుంది, ఆ సగం ఏదో మన చేతిలో ఉండదు.

నేరం చేశావని అనుమానించడానికి సరైన కారణం ఉంటే, పేరు, అడ్రసు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, ఏ దేశస్థుడివి అన్నవి స్కాట్లాండ్‌లో పోలీసు అడగొచ్చు, అవి చెప్పకపోవడం నేరం. అవి చెప్పు, నిజమే చెప్పు. నీ దేశం అడిగారని కంగారుపడకు, అది ఆ జాబితాలో ఉన్న ప్రశ్నే. పాస్‌పోర్టు జేబులో పెట్టుకుని తిరగాలనే రూలు ఈ దేశంలో లేదు, వీసా వివరాలు ఎలాగూ ఇప్పుడు ఈవీసాగా ఆన్‌లైన్లోనే ఉన్నాయి. 2017 మే 11 నుంచి ఇక్కడ సోదాలకి ఒక నియమావళి ఉంది: నువ్వు సరేనన్నావు కదా అని ఊరికే వెతకడం కుదరదు, చట్టంలో కారణం ఉండాలి, ఆ కారణం నీకు చెప్పాలి, అయ్యాక రసీదు ఇవ్వాలి. ఆ రసీదు దాచుకో. వ్యవహారం ముదిరి స్టేషన్ దాకా వెళ్తే మాత్రం వివరాలు చెప్పి, "లాయరు వచ్చాకే మాట్లాడతాను" అను. అది నీ హక్కు, అలా అన్నందుకు ఎవరూ తప్పు పట్టరు. తర్వాత నాకు ఫోన్ చెయ్యి, అమ్మకి కాదు.

నిజం చెప్పాలంటే చాకు కంటే నన్ను ఎక్కువ భయపెట్టేది తాగుబోతులు. రాత్రి పదిన్నర దాటాక పబ్బుల వీధిలో నడుస్తుంటే ఎవరో ఒకరు, ఎక్కువసార్లు ఆడవాళ్ల గుంపే, "లోపల ఏముంది" అని కిల్టు ఎత్తడానికి వస్తారు. వాళ్లకి సరదా, నీకు పరువు. చట్టప్రకారం అది నీ మీద దాడి, కావాలంటే ఫిర్యాదు ఇవ్వొచ్చు. కానీ అక్కడ నువ్వు చెయ్యి చేసుకుంటే, తోపులాటలో పోలీసులొచ్చి చూసేసరికి, సాక్సులో చాకు ఉన్నవాడివి నువ్వు ఒక్కడివే. వెనక్కి జరుగు, పెద్దగా "వద్దు" అను, వెలుతురున్న చోటికి నడువు. అలాగే లోపల చడ్డీ వేసుకో నాన్నా, అసలైన స్కాట్ వేసుకోడు అనే కబుర్లు పెట్టుకోకు, వేసుకున్న స్కాట్లు నాకు బోలెడంత మంది తెలుసు. కూర్చునేటప్పుడు తాతయ్య పంచె సర్దుకుని అరుగు మీద కూర్చున్నట్టు ముందు సర్దుకుని కూర్చో. రైల్లో ఎదురు సీట్లో పిల్లలుంటే, నువ్వు కావాలని చేశావా పొరపాటున జరిగిందా అన్నది తేల్చే పని ఎవరికీ పెట్టకు. ఇంకా, గ్లాస్గో వీధుల్లో మూత తీసిన సీసా పట్టుకుని తాగితే జరిమానా, పోలీసులతో అనవసరమైన పరిచయాలు ఎక్కువగా అక్కడే మొదలవుతాయి.

పెళ్లి తర్వాత డాన్సు కోసం క్లబ్బుకి వెళ్దామంటే చాకు రూమ్‌లో పెట్టి వెళ్లు, తలుపు దగ్గర ఆపేస్తారు. ఫుట్‌బాల్ స్టేడియంకీ అంతే, అక్కడ కిల్టులు వేలల్లో ఉంటాయి, స్కీన్ డూ లోపలికి రానివ్వరు. ఇంగ్లండ్‌లో చట్టం వేరే, 1988 నాటిది, కానీ జాతీయ దుస్తుల మినహాయింపు అక్కడా ఉంది. అయినా కిల్టు రోజూ చూసే పోలీసుకి చెప్పడం వేరు, ఎప్పుడో ఒకసారి చూసేవాడికి చెప్పడం వేరు, లండన్ వెళ్తే ప్లాస్టిక్‌దే పెట్టుకో. హైదరాబాద్‌కి సొంత సెట్ తెచ్చుకునే ఆలోచన ఉంటే చాకుని చెక్-ఇన్ సామాన్లోనే పెట్టాలి, చేతి బ్యాగులో పెడితే సెక్యూరిటీలో తీసి పక్కన పెట్టేస్తారు. కిల్ట్ పిన్‌కీ, స్పోరన్ గొలుసుకీ గేటు కూత పెడుతుంది, అది మామూలే.

సోమవారం డ్రెస్సు తిరిగి ఇచ్చేటప్పుడు చాకుని దాని డబ్బాలోనే, షాపు కవర్లో, అద్దె బిల్లుతో కలిపి పెట్టుకుని దారిలో ఎక్కడా ఆగకుండా వెళ్లు. మేజోళ్లు ఉతికి ఇవ్వాలా అని షాపులో ముందే అడుగు, కొన్ని చోట్ల అవి నీకే ఇచ్చేస్తారు.

మావయ్య