నాన్నగారి లెన్సులకు మూడు రూపాయల వడ్డీ అప్పా?

పర్లాకిమిడి నుంచి పెళ్లిళ్లకు ఫొటోలు తీసే ఒకరు రాశారు. నాన్నగారు స్టూడియో మూసేశాక ఆయన హీలియోస్ 44-2, 50 ఎంఎం సూపర్ టాకుమార్ లెన్సులు ఈయనకు వచ్చాయట. ఉన్న కెమెరా సోనీ ఏ6000. దాని చిన్న సెన్సర్ (క్రాప్ సెన్సర్) మీద ఆ లెన్సుల అందం సగమే వస్తోందని, పెద్ద సెన్సర్ ఉన్న ఫుల్ ఫ్రేమ్ కెమెరా కోసం తెలిసినవాళ్ల దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి లక్షన్నర తేవచ్చా అని అడిగారు. ఇంటి ఖర్చు నెలకు 24,000. బ్యాంకులో 22,000. అంతే.

తేవద్దండీ. ఇలాంటి ఉత్తరాలు చాలా వస్తాయి, ఇష్టాన్ని పెట్టుబడి అనుకోవడం మామూలైపోయింది, అందుకే మీకు అందరి ముందూ జవాబు రాస్తున్నా.

మీ మాటలో నిజం లేకపోలేదు. హీలియోస్‌లో వెనకాల ఆకులు సుడి తిరిగినట్టు వచ్చేది ఫ్రేము అంచుల్లోనే, క్రాప్ సెన్సర్ సరిగ్గా ఆ అంచుల్నే కోసేస్తుంది, ఆ లెన్సు 58 ఎంఎం కాస్తా 87లా అవుతుంది. కానీ పెళ్లికూతురి తండ్రి ఆ సుడికి ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వడు. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు లెన్సు బాగా తెరిచి, ఎఫ్2 దగ్గర చేత్తో రింగు తిప్పుతుంటే ఫోకస్ కంటి మీద కాకుండా చెవి మీద పడిందనుకోండి, మళ్లీ పెట్టమంటారా?

మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. నెలకు 4,500, అదీ ఒట్టి వడ్డీ, అసలు అలాగే ఉంటుంది. ఆషాఢంలో, మూఢాల్లో పెళ్లిళ్లుండవు, వడ్డీకి మాత్రం మూఢం రాదు. బ్యాంకులో బంగారం పెడితే వడ్డీ తక్కువే, అయినా వద్దు.

కష్టకాలానికి చేతిలో ఉంచుకోవాల్సిన ఆరు నెలల ఖర్చు మీ ఇంటికి 1,44,000. మీరు అప్పు తేవాలనుకున్నదీ ఇంచుమించు అంతే, చూశారా! చేతిలో ఉండాల్సిన డబ్బును నెత్తిమీద పెట్టుకుంటానంటున్నారు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మీ గజపతి జిల్లాను ఏం చేసిందో నేను చెప్పాలా? అలాంటి నెలలో ముహూర్తాలు పోతాయి, అడ్వాన్సులు వెనక్కి ఇవ్వాలి, ఇంట్లో బియ్యం మాత్రం కొనాలి. పెళ్లికి 8,000 చొప్పున వేరే ఖాతాలో వేస్తే పదహారు పెళ్లిళ్లలో తక్కువపడ్డ 1,22,000 పూర్తవుతుంది. అప్పటిదాకా ఆ ఖాతాకు ఏటీఎం కార్డు కూడా తీసుకోకండి. ఆరోగ్య బీమా సంగతి మీరు రాయలేదు, లేదనే అనుకుంటున్నా, ముందు అది తీసుకోండి.

కెమెరా? ఆ ఖాతా నిండాక, సెకండ్‌హ్యాండ్‌ది, రొక్కంతో.

ఈలోగా ఆ లెన్సుల్ని మీ సోనీకి తగిలించే ఎం42 అడాప్టర్ చాలు, చవకే. రెండు లెన్సులూ ఆ ఎం42 మర పట్టువే కాబట్టి ఒకటే సరిపోతుంది. మెనూలో ‘లెన్స్ లేకుండా షట్టర్’ ఆన్ చేసి, ఫోకస్ పడ్డచోట అంచులకు రంగు చూపే ఫోకస్ పీకింగ్ పెట్టుకుని, సెలవు రోజున మహేంద్రతనయ నది ఒడ్డున తీసుకోండి. టాకుమార్ వెనక నుంచి సెల్‌ఫోన్ టార్చ్ వేసి చూడండి, అద్దంలో సాలెపోగుల్లాంటివి కనిపిస్తే ఫంగస్, వానలు పడకముందే శుభ్రం చేయించాలి. నాదొకటి అలాగే పోయింది.