లా చదివించాలంటే పొలం అమ్మాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ. నీట్ రెండుసార్లు రాసింది, సీటు రాలేదు. మొదటిసారి అయిదు మార్కుల్లో పోయిందనుకున్నాం, రెండోసారి లాంగ్‌టర్మ్ కోచింగ్ ఇప్పించినా ఫలితం లేదు. ఇప్పుడు లా అంటోంది. రాష్ట్ర లా ప్రవేశ పరీక్ష లాసెట్‌లో మంచి ర్యాంకే వచ్చింది, యూనివర్సిటీ లా కాలేజీలో ఐదేళ్ల కోర్సు దొరుకుతుందంటున్నారు. నేషనల్ లా యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష క్లాట్‌లో వచ్చిన ర్యాంకుకు హైదరాబాద్‌లోని నల్సార్ అందలేదు. ఒక ప్రైవేటు యూనివర్సిటీ వాళ్లు బీబీఏ ఎల్‌ఎల్‌బీలో కార్పొరేట్ లా, సైబర్ లా స్పెషలైజేషన్లు ఉన్నాయని, ప్లేస్‌మెంట్ గ్యారంటీ అని రోజూ ఫోన్ చేస్తున్నారు. హాస్టల్‌తో కలిపి ఐదేళ్లకు పదిహేను లక్షల పైమాటే. అవసరమైతే అర ఎకరం అమ్ముతాను. మా చుట్టాల్లో ఒక్క లాయరూ లేడు. ఆడపిల్లను కోర్టుల చుట్టూ తిప్పుతావా అని మా అన్నయ్య కోప్పడుతున్నాడు. రెండు కాలేజీలను పోల్చి ఏది మంచిదో చెప్పండి. తర్వాత విదేశాల్లో ఎల్‌ఎల్‌ఎం (లాలో పీజీ) చేయిస్తే ఉపయోగమా?
– ఒక తండ్రి, జగిత్యాల జిల్లా

జవాబు: ముందు ఆ ఫోన్ల సంగతి తేల్చేద్దాం. ఈసారి ఫోన్ వచ్చినప్పుడు రెండే అడగండి. ఆ ప్లేస్‌మెంట్ గ్యారంటీని లెటర్‌హెడ్ మీద రాసిస్తారా? పోయిన ఏడాది పాసైన బ్యాచ్‌లో మొత్తం ఎంతమంది, వాళ్లలో ఉద్యోగం వచ్చినవాళ్లు ఎంతమంది, ఏ కంపెనీలో, ఏ పనికి? బ్రోచర్ మీద ఒక పిల్ల ఫొటో వేసి పక్కన పెద్ద ప్యాకేజీ అచ్చు వేస్తారు. మిగతా క్లాసంతా ఏమైందో అందులో ఉండదు. మీరు గట్టిగా అడిగితే ఫోన్లు వాటంతటవే తగ్గిపోతాయి.

కాలేజీలు పోల్చమన్నారు. పోలుస్తాను. కానీ మీ ఉత్తరం చదివితే అసలు భయం కాలేజీ గురించి కాదనిపించింది. ‘మాకు ఎవరూ లేరు’ అన్నదే మీ భయం. లాయర్ల పిల్లలే లాయర్లవుతారు, మన పిల్ల నల్లకోటు వేసుకుని చెట్టు కింద నిలబడాల్సి వస్తుందేమో అని. ఏటా అడ్మిషన్ల టైమ్‌లో ఈ మాట వింటూనే ఉంటాను. ఇందులో సగం నిజం ఉంది. తండ్రి ఆఫీసు, తండ్రి క్లయింట్లు సిద్ధంగా ఉన్న పిల్లలకు మొదటి కొన్నేళ్లు సాఫీగా నడుస్తాయి. మిగతా సగం నిజం కాదు. జస్టిస్ ఎన్.వి.రమణ కృష్ణా జిల్లా పొన్నవరంలో రైతు కుటుంబంలో పుట్టారు. నాగార్జున యూనివర్సిటీలో లా చదివి, 1983లో న్యాయవాదిగా ఎన్‌రోల్ అయి, 2021లో భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. మీ అమ్మాయి కూడా అంతటిదవుతుందని నేను మాట ఇవ్వడం లేదు. ఆ దారికి యూనివర్సిటీ లా కాలేజీ అడ్డు కాలేదు, పొలం పని చేసే ఇల్లు అడ్డు కాలేదు అని మాత్రం చెబుతున్నాను.

పైగా మీ ఇంట్లో ఒక చదువు ఉంది, మీరు దాన్ని లెక్కలో వేసుకోవడం లేదు. పహాణీ ఎలా ఉంటుందో, పట్టాదారు పాస్‌బుక్‌లో విస్తీర్ణం ఒకటి, మోకా మీద ఇంకొకటి ఎందుకుంటుందో, సర్వే నంబరు పక్కన బై నంబరు పడితే ఏమిటో మీ అమ్మాయి చిన్నప్పటి నుంచి వింటూ పెరిగి ఉంటుంది. జిల్లా కోర్టుల్లో సివిల్ కేసులంటే ఎక్కువ భాగం భూమి తగాదాలే. సిటీలో పెరిగిన జూనియర్‌కు గుంటలకూ గజాలకూ తేడా నేర్పించేసరికి సీనియర్‌కు ఓపిక అయిపోతుంది. అర ఎకరం అమ్మి, ఆ పిల్లను భూమి అంటే తెలియని పనికి పంపించాలనుకుంటున్నారు మీరు!

ఇప్పుడు కాస్త కోపంగానే అంటున్నాను, ఏమీ అనుకోకండి. మీ ఉత్తరంలో నీట్ గురించి అయిదు మార్కుల లెక్కతో సహా రాశారు. అమ్మాయి లా ఎందుకు అంటోందో ఒక్క ముక్క లేదు. అడిగారా? నీట్ పోయింది కాబట్టి ఏదో ఒకటి అంటోందా, లేక నిజంగా ఇష్టమా? ఇష్టమైతే ఎక్కడ పుట్టింది ఆ ఇష్టం? ఇది తెలియకుండా నన్ను కాలేజీలు పోల్చమంటే ఏం పోల్చను? లాను ఓడిపోయిన పిల్లలు చేరే చదువుగా మీరే అనుకుంటుంటే, ఆ మాట మీరు పైకి అనకపోయినా ఇంట్లో ఆ పిల్లకు రోజూ వినిపిస్తూనే ఉంటుంది. ఇక మీ అన్నయ్య. ఆయన కోప్పడితే మీరు భయపడుతున్నారు. ఈ రోజు జూనియర్ సివిల్ జడ్జిలుగా ఎంపికవుతున్న వాళ్లలో అమ్మాయిలు ఎంతమంది ఉంటున్నారో ఆయన్ని ఒకసారి సెలెక్షన్ లిస్టు చూడమనండి. కోర్టుల్లో ఆడవాళ్లకు ఇబ్బందులు లేవని నేననను. కొన్నిచోట్ల మహిళా న్యాయవాదులకు కూర్చోవడానికి సరైన గది ఉండదు, టాయిలెట్ ఉండదు. అది కోర్టులను బాగుచేయాల్సిన విషయం. పిల్లను మాన్పించడానికి కారణం ఎలా అవుతుంది?

సరే, ఆ కార్పొరేట్ లా. ఈ మోజు మీద నాకు చాలా అనుమానాలున్నాయి. పెద్ద లా ఫర్ములు ఉన్నాయి, మంచి జీతాలిస్తాయి, అబద్ధం కాదు. అవి ముంబై, ఢిల్లీ, బెంగళూరు లాంటి కొన్ని నగరాల్లో ఉంటాయి. క్యాంపస్‌కు వచ్చి తీసుకునేది ఎక్కువగా పైవరుస నేషనల్ లా యూనివర్సిటీల నుంచి. చాలాసార్లు ఇంటర్వ్యూ కన్నా ముందే, ఇంటర్న్‌షిప్‌లో పని చూసి ఆఫర్ ఇచ్చేస్తారు. అక్కడ పనంటే రాత్రి వరకు ఒప్పందాల కాగితాలు, ఒక కంపెనీ ఇంకో కంపెనీని కొనేముందు ఫైళ్లన్నీ జల్లెడ పట్టడం. ఇది నచ్చేవాళ్లకు నచ్చుతుంది. కానీ కోర్సు పేరులో ‘కార్పొరేట్’ ఉన్నంత మాత్రాన ఆ ఫర్ము తలుపు తెరుచుకోదు.

స్పెషలైజేషన్ అన్న మాటకూ మురిసిపోకండి. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నిబంధనల ప్రకారం, స్పెషలైజేషన్ పేరుతో ఇచ్చే ఆనర్స్ అంటే మామూలు లా పేపర్లకు అదనంగా చదివే ఎనిమిది పేపర్లు. అంతే. ఎన్‌రోల్ అయ్యాక అందరూ అడ్వకేట్లే. సైబర్ లానే తీసుకోండి. ఎవరో వాట్సాప్ మెసేజ్‌ను సాక్ష్యంగా పెట్టాలనుకున్నారు. దానికి పాత సాక్ష్య చట్టంలో, ఎలక్ట్రానిక్ రికార్డును ధ్రువీకరించే 65బి సర్టిఫికెట్ ఉండేది. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో అది 63వ సెక్షన్ కింద ఉంది. సాక్ష్య చట్టం, క్రిమినల్ ప్రొసీజర్ గట్టిగా రాకుండా సైబర్ లా చేస్తానంటే, కోర్టులో ఆ మెసేజ్‌ను ఎలా పెట్టాలో కూడా తెలియదు. మూడో ఏడు, నాలుగో ఏడు వచ్చాక తనకేది ఇష్టమో అమ్మాయికే తెలుస్తుంది. పద్దెనిమిదేళ్లకు ఫోన్‌లో మార్కెటింగ్ వాళ్లు తేల్చాల్సిన విషయం కాదది.

ఇంకో సంగతి. నాణ్యత దిగజారుతోందని 2025 ఆగస్టులో బార్ కౌన్సిలే కొత్త లా కాలేజీలకు మూడేళ్లు బ్రేక్ వేసింది. కాబట్టి ఎక్కడ చేరినా ఆ కోర్సుకు, ఆ సెక్షన్‌కు ఈ ఏడాది బార్ కౌన్సిల్ అనుమతి ఉందో లేదో కాగితం చూసి చేరండి. ‘అప్లై చేశాం, వచ్చేస్తుంది’ అంటే లేచి వచ్చేయండి.

ఇక పోలిక. ఉస్మానియా, కాకతీయ, ఆంధ్రా, నాగార్జున లాంటి యూనివర్సిటీల లా కాలేజీల్లో అంతా బంగారమని నేను చెప్పను. చాలాచోట్ల రెగ్యులర్ ప్రొఫెసర్లు తక్కువ, గెస్ట్ ఫ్యాకల్టీతో నడిపిస్తారు. క్లాసు జరగని రోజులుంటాయి. నిబంధన ప్రకారం 70 శాతం హాజరు ఉండాలి. అయినా ఎవరూ అడగరులే అని పిల్లలు రూముల్లో పడుకుని గైడ్లతో పాసవుతుంటారు. ప్రైవేటులో అది తక్కువ. ఊహాజనిత కేసులు వాదించే మూట్ కోర్టు టీములను బయటి పోటీలకు పంపుతారు, తీర్పులు వెతికే ఎస్‌సీసీ ఆన్‌లైన్, మనుపాత్ర లాంటివి లైబ్రరీలో ఉంటాయి, ఇంగ్లిష్‌లో మాట్లాడే అలవాటు పడుతుంది. ఇవి మంచివే. వాటికి పదిహేను లక్షలు దండగ అంటున్నాను. మీ అమ్మాయి సొంతంగా చదివే పిల్ల అయితే యూనివర్సిటీ కాలేజీలో చేర్చండి. కొన్ని యూనివర్సిటీల్లో ఐదేళ్ల కోర్సు సెల్ఫ్ ఫైనాన్స్‌లో నడుస్తుంది, ఫీజు ఎంతో ముందే కనుక్కోండి. వెనకాల ఎవరో ఒకరు ఉంటేనే పుస్తకం తీసే పిల్ల అయితే నా సలహా మారుతుంది. అప్పుడు కూడా పొలం అమ్మకుండా, ఫీజు తక్కువున్న పాత ప్రైవేటు కాలేజీ వెతుకుదాం.

ఐదేళ్లలో చేయాల్సింది ఏ కాలేజీలోనైనా ఒకటే. ఐదేళ్ల కోర్సుకు కనీసం 20 వారాల ఇంటర్న్‌షిప్ ఉండాలి. మూట్ కోర్టు పేపర్‌లో మూడు మూట్లు చేయాలి, ఒక సివిల్ కేసు, ఒక క్రిమినల్ కేసు విచారణ కోర్టులో కూర్చుని చూసి రికార్డు రాయాలి, సీనియర్ ఆఫీసులో క్లయింటుతో మాట్లాడేటప్పుడు పక్కనుండి డైరీ రాయాలి. ఎక్కువమంది ఈ రికార్డును సీనియర్ల రికార్డు చూసి దించేస్తారు. ఆ రికార్డులు చూస్తే తెలిసిపోతుంది, మూడు బ్యాచ్‌లకూ అదే హత్య కేసు, అదే సాక్షి! మీ అమ్మాయి మాత్రం నిజంగా వెళ్లి కూర్చోవాలి. మొదటి వారం ఏమీ అర్థం కాదు. పొద్దున కాల్ వర్క్‌లో పేరు పిలుస్తారు, ఎవరో లేచి ఒక మాట అంటారు, వాయిదా పడుతుంది. రెండో వారానికి ఒక చెక్ బౌన్స్ కేసు పట్టుకుంటుంది. చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు తెలిపిన 30 రోజుల్లోపు నోటీసు ఇవ్వాలి, అది అందాక అవతలివాడికి 15 రోజులు టైమ్, అప్పటికీ కట్టకపోతే నెలలోపు కంప్లయింట్ వేయాలి. ఈ తేదీలు లెక్క తప్పని జూనియర్‌ను ఏ సీనియరూ వదులుకోడు. వాళ్ల నాన్న ఎవరని అడగడు.

డబ్బు దగ్గరికి వద్దాం. మీరు పెట్టాలనుకున్నది తప్పు చోట. చదువుకు అంత అక్కర్లేదు, చదువయ్యాక కావాలి. ఎన్‌రోల్‌మెంట్ ఫీజు జనరల్ వాళ్లకు 750 రూపాయలు దాటకూడదని 2024 జూలైలో సుప్రీంకోర్టు తేల్చింది, అది భారం కాదు. బార్ ఎగ్జామ్ ఉంటుంది, చదివిన పిల్లకు కష్టం కాదు. కష్టమల్లా ఆ తర్వాత మొదటి మూడేళ్లు. జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20 వేలు, పల్లె ప్రాంతాల్లో 15 వేలు ఇవ్వమని 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ చెప్పింది. అది సిఫారసు మాత్రమే. చాలా ఆఫీసుల్లో అందులో సగం కూడా రాదు, కొన్నిచోట్ల బస్సు చార్జీలకే సరి. మంచి మంచి పిల్లలు లా మానేసేది ఇక్కడే. తెలివి లేక కాదు, రూమ్ అద్దె కట్టలేక. ఆ మూడేళ్లు ఇంటి నుంచి నెలనెలా ఎంతో కొంత వస్తుందన్న ధైర్యం ఉంటే మీ అమ్మాయి మంచి సీనియర్ దగ్గర నిలబడి పని నేర్చుకుంటుంది. ఇప్పటి నుంచి కొంచెం కొంచెంగా దాచండి, పొలం జోలికి వెళ్లక్కర్లేదు.

జడ్జి అవుతుందా అని మీరు అడగలేదు కానీ మనసులో ఉండే ఉంటుంది. 2025 మేలో సుప్రీంకోర్టు, జడ్జిల్లో మొదటి మెట్టయిన జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు మూడేళ్ల ప్రాక్టీసు మళ్లీ తప్పనిసరి చేసింది. చదువవగానే కోచింగ్‌లో కూర్చోబెట్టి జడ్జి చేసేద్దాం అనుకునే తల్లిదండ్రులు అప్పట్లో నాకు వరసగా ఫోన్లు చేసి తిట్టిపోశారు, నేనేదో తీర్పు ఇచ్చినట్టు. నాకైతే అది మంచిదే అనిపించింది. ఎలాగూ ఆ మూడేళ్లు కోర్టులో గడపాల్సిందే కాబట్టి పైన చెప్పిన డబ్బు రెండు విధాలా పనికొస్తుంది. కోర్టు వద్దనుకుంటే బ్యాంకుల్లో లా ఆఫీసర్ పోస్టులున్నాయి, వాటికీ ఎన్‌రోల్ అయి ఉండాలి.

విదేశీ ఎల్‌ఎల్‌ఎం ఇక్కడ కోర్టులో వాదించడానికి అవసరం లేదు. అక్కడ ప్రాక్టీసు చేయాలంటే ఆ దేశపు బార్ నిబంధనలు వేరే ఉంటాయి. పాఠాలు చెప్పాలనుకుంటే ఎల్‌ఎల్‌ఎం కావాలి, దాన్ని ఇక్కడే చేయొచ్చు. ఐదేళ్ల తర్వాత మాట, ఇప్పుడెందుకు? ఇప్పుడు చేయాల్సింది లాసెట్ వెబ్ ఆప్షన్లు. కాలేజీల వరుసను అమ్మాయినే పెట్టనివ్వండి. మీ ఊరికి ఏ కాలేజీ దగ్గరన్నది తర్వాత, ఏ కాలేజీకి జిల్లా కోర్టు దగ్గరో ముందు చూడమనండి. లా ఎందుకో తనే నాలుగు ముక్కలు నాకు రాస్తే, ఆ వరుస సరిచూసి పంపుతాను.