సైడు వింగులో ఉయ్యాల కట్టొచ్చా?
(మీ ప్రశ్నలు, అక్క జవాబులు)

ఈసారి ఉత్తరాల్లో నాటకాల వాళ్లవి నాలుగొచ్చాయి, నాలుగూ చంటిపిల్లల గురించే. అందుకని అద్దె ఇంటి గొడవలు, ఆవకాయ బూజు పట్టిన ప్రశ్నలు వచ్చే నెలకి వాయిదా వేశాను, ఏమీ అనుకోకండి. నేనూ పద్నాలుగేళ్లు పద్యనాటకాల్లో హరిశ్చంద్రుడి భార్య చంద్రమతి వేషం వేసుకుని ఊరూరా తిరిగినదాన్నే. మా పెద్దదాన్ని నాలుగో నెల నుంచే వెంటేసుకెళ్లాను. కాబట్టి కింద రాసినవాటిలో డాక్టర్లు చెప్పే మాటలు కొన్ని, దెబ్బతిని నేర్చుకున్నవి కొన్ని.

ప్రశ్న: అక్కా, నాకు 27 ఏళ్లు. హైదరాబాద్‌లో ఒక బృందంలో ఆరేళ్లుగా నటిస్తున్నాను. మా ఆయన అదే బృందంలో లైటింగ్ చూస్తారు. పాపకి ఐదు నెలలు. వచ్చే నెల మా నాటకం ఖమ్మంలో మొదలై విజయవాడ, రాజమండ్రి, కాకినాడ, విశాఖ మీదుగా విజయనగరం దాకా 18 రోజుల్లో 11 ఆటలు. కరీంనగర్‌లో ఉన్న మా అత్తయ్య "పసిదాన్ని ఊళ్లమ్మట తిప్పుతావా, దిష్టి, రోగం రెండూ తగులుతాయి, నా దగ్గర వదిలి పో, లేదా నాటకం మానెయ్" అంటున్నారు. పాప ఇంకా నా పాలే తాగుతోంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. తీసుకెళ్లాలా, వదలాలా, మానాలా?
– ఒక చెల్లి, హైదరాబాద్

జవాబు: తీసుకెళ్లు చెల్లీ. నువ్వనుకుంటున్నట్టు ఐదు నెలలు కష్టమైన వయసు కాదు, నన్నడిగితే బిడ్డను తిప్పడానికి ఇంతకన్నా సులువైన వయసు లేదు. పాకదు, నడవదు, నీ పాలు తప్ప ఇంకేమీ అడగదు. ఆరు నెలలు నిండేదాకా మంచినీళ్లు కూడా అక్కర్లేదని డాక్టర్లే అంటారు కదా, మరి ఊరూరి నీళ్లు పాపకేం చేస్తాయి? తిప్పడం కష్టమయ్యేది ఏడాది పిల్లని. సైడు వింగులో, అంటే స్టేజీ పక్క తెర చాటున, కిరీటం ముత్యం, వైరు ముక్క, సేఫ్టీ పిన్ను ఏది దొరికితే అది నోట్లోనే. టీకాల బెంగ కూడా పెట్టుకోకు. మూడున్నర నెలలవి పూర్తయి ఉంటే ప్రభుత్వ లెక్కలో తర్వాతివి తొమ్మిదో నెలలోనే. కార్డు మాత్రం సంచిలో వేసుకో. ఏదైనా డోసు మిగిలిపోయి ఉంటే దారిలో ఏ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలోనైనా వేస్తారు, మీ ఊరికి తిరిగి రావాల్సిన పని లేదు.

కానీ ఒక షరతు. నువ్వు స్టేజీ మీద ఉన్నంతసేపూ పాపను చూసుకోవడానికే ఒక మనిషి ఉండాలి, వేరే పని ఏదీ లేని మనిషి. మీ ఆయన ఉన్నాడుగా అంటావేమో, లైటింగ్ బోర్డు దగ్గర కూర్చున్న మనిషి ఆట జరిగే రెండు గంటలూ లేనట్టే లెక్క. "అందరం ఉన్నాం, తలా కాసేపు ఎత్తుకుంటాంలే" అని బృందంలో వాళ్లంటారు, ప్రేమగానే అంటారు, ఆ మాట నమ్మకు. నేను నమ్మాను. ఒక ఊళ్లో తిరునాళ్ల స్టేజీ వెనకాల పాత చీరతో ఉయ్యాల కట్టాం. అందరూ చూస్తూనే ఉన్నారు, అంటే ఎవరూ చూడటం లేదన్నమాట. ఎవరు కట్టారో తెలీదు గానీ ఒక పక్క ముడి తెర లాగే తాడుకే వేశారు. సీను మారింది, కుర్రాడు తాడు లాగాడు, ఉయ్యాల ఒక పక్కకి జానెడు లేచింది. హార్మోనియం ఆయన పెట్టె వదిలేసి ఒక్క గెంతు గెంతి పట్టుకున్నాడు. పాప కళ్లు కూడా తెరవలేదు. నేను మాత్రం ఆ తర్వాతి పద్యం మధ్యలో రెండు పాదాలు మింగేశాను, జనం దుఃఖంతో గొంతు పూడుకుపోయింది అనుకున్నారట. ఆ మర్నాడే మా ఊరి నుంచి ఒక పిన్నిని జీతానికి పిలిపించుకున్నాను. సెట్టింగుకి, తెర కమ్మీకి, లైటు స్టాండుకి ఎప్పుడూ ఉయ్యాల కట్టొద్దు. అసలు స్టేజీ వెనక కట్టొద్దు. పాప ఉండాల్సింది గ్రీన్‌రూమ్‌లో, అది కూడా స్పీకర్లకి దూరంగా ఉంటేనే. అక్కడ నిలబడి పక్క మనిషితో గొంతు పెంచకుండా మాట్లాడలేకపోతే అది పసిచెవులకి ఎక్కువ మోత అని గుర్తుపెట్టుకో. చెవుల్లో దూది కుక్కకు. చిన్నపిల్లల కోసం చెవుల మీద పెట్టే మఫ్‌లు అమ్ముతున్నారు, ఒకటి కొను, కానీ అవి ఉన్నాయి కదా అని స్పీకరు పక్కన కూర్చోబెట్టకు.

పొగ గురించి విడిగా చెప్పాలి. మా రోజుల్లో రాక్షస పాత్ర వస్తుంటే కాగడా మీద గుగ్గిలం పొడి చల్లేవాళ్లు, గుప్పున మంట, తర్వాత అరగంట దగ్గు. మీకిప్పుడు పొగ మిషన్లు, డ్రై ఐస్. ఆ డ్రై ఐస్ పొగలో ఉండేది బొగ్గుపులుసు వాయువు, గాలి కన్నా బరువు, అందుకే మేఘంలా నేల మీదే పాకుతుంది. చూడ్డానికి స్వర్గంలా ఉంటుంది. నేల మీద చాప వేసి పడుకోబెట్టిన బిడ్డ ముక్కు దగ్గరికి ముందు చేరేది కూడా అదే. మీ నాటకంలో ఆ సీను ఉందో లేదో మీ ఆయనకి తెలుస్తుంది, ఆ టైముకి పాప ఆవరణలోనే ఉండకూడదు.

ఇక పాలు. బెల్లు కొట్టడానికి అరగంట ముందు ఒకసారి, ఇంటర్వెల్‌లో ఒకసారి, ఆట అయ్యాక మేకప్ తీసి ఒకసారి. కాస్ట్యూమ్‌కి వెనక జిప్పు ఉంటే ఇప్పుడే దర్జీ దగ్గర ముందుకి మార్పించు, పది నిమిషాల ఇంటర్వెల్‌లో వెనక జిప్పుతో కుస్తీ పడితే ఏడు నిమిషాలు దానికే పోతాయి. పాలిచ్చే ముందు మెడ మీద, ఛాతీ మీద పౌడరు, తళుకులు శుభ్రంగా తడిగుడ్డతో తుడుచుకో, పాప నాకేది అదే కదా. పిండిన పాలు 25 డిగ్రీల గదిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఉంటాయంటారు. మన గ్రీన్‌రూమ్‌లు 25 డిగ్రీలు ఎప్పుడు చూశాయో నాకు తెలీదు! ఐస్ ప్యాకులున్న డబ్బాలో పెట్టి, సీసా కాకుండా మన ఉగ్గుగిన్నెతో పట్టించు. దాన్ని మరిగే నీళ్లలో వేసి తీయడం తేలిక, సీసా పీక శుభ్రం చేయడం లాడ్జిలో అయ్యే పని కాదు.

ఇంకోటి ఎవరూ చెప్పరు, నేను చెప్తాను. కాటి సీను ఆడుతున్నాను, చనిపోయిన కొడుకు లోహితాస్యుడు ఒళ్లో ఉన్నాడు, జనంలో ఎవరి చంటిబిడ్డో కేర్‌మంది. నా బిడ్డ కూడా కాదు. అంతే, రవికె తడిసిపోయింది. పైట ముందుకి లాక్కుని పద్యం అందుకున్నాను. ముందు వరసలో ఒక పెద్దావిడ కళ్లొత్తుకుంటూ తల ఊపింది, ఆవిడకి సంగతి తెలిసిపోయిందని ఇప్పటికీ నా అనుమానం. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, లోపల మెత్తని నూలుగుడ్డ రెండు మడతలు పెట్టుకో, అదే రంగు రవికె ఇంకోటి కుట్టించి ఉంచు.

ఆట అయ్యాక అందరూ భోజనాల దగ్గర ఒంటిగంట దాకా కబుర్లాడతారు, నువ్వు ఆ 18 రోజులూ ఆ సరదా వదులుకోవాల్సిందే. లాడ్జిలో కింది అంతస్తు గది, వేడినీళ్లు, గొడుగులా తెరుచుకునే దోమతెర, ఈ మూడూ ముందే అడుగు.

అత్తయ్య మాటకొస్తే, ఆవిడ్ని శత్రువుని చేసుకోకు, ఆవిడ భయం పాప కోసమే. అసలు ఆ చూసుకునే మనిషి ఆవిడే ఎందుకు కాకూడదు? మా అత్తగారు నన్ను వెనక్కి లాక్కెళ్దామనే వచ్చారు, వచ్చి నాలుగో ఆటకల్లా మనవరాలిని భుజాన వేసుకుని సైడు వింగులోంచి నాకు ప్రాంప్టింగ్ ఇచ్చేవారు, అదీ తప్పులతో. రానంటే ఆ మనిషి జీతం, బస్సు ఖర్చు, భోజనం మీ బృందం లెక్కలోనే వేయించు, అడ్వాన్సు తీసుకునే ముందే. తీసుకున్నాక అడిగితే మొహమాటం, అడక్కపోతే నష్టం.

ప్రశ్న: మా ఆవిడ నాటకంతో పది రోజులు బెంగళూరు, చెన్నై వెళ్లింది. బాబుకి 11 నెలలు, నేనూ మా అమ్మా చూసుకుంటున్నాం. రోజూ రాత్రి వీడియో కాల్ చేస్తే బాబు ఫోన్ పట్టుకుని ఏడ్చి ఏడ్చి పడుకుంటున్నాడు. అమ్మ నిద్ర పడుతుందని వాడికి తేనె నాకిస్తోంది, ఆవుపాలు కూడా పడదామంటోంది. ఏం చేయమంటారు?
– నెల్లూరు

జవాబు: తమ్ముడూ, ముందు ఆ తేనె ఆపించు. ఏడాది నిండేదాకా తేనె చుక్క కూడా వద్దు, దానివల్ల పసిపిల్లలకి అరుదుగానైనా ప్రాణం మీదికి వచ్చే జబ్బు వస్తుంది. ఆవుపాలు కూడా ప్రధానంగా పట్టేది ఏడాది తర్వాతే, ఈ పది రోజులకి ఏ పాలు పట్టాలో మీ పిల్లల డాక్టరుని ఒక్కసారి అడుగు, అన్నం పప్పు మెత్తగా పెడుతూనే ఉండు.

రాత్రి కాల్ మానేయండి. ఈ వయసు పిల్లలు తల్లి కనపడకపోతే గోల చేయడం మామూలే, నిద్ర వేళకి ఆమె మొహం చూపించి ఎత్తుకోనివ్వకపోతే ఎవరికైనా ఏడుపొస్తుంది. పొద్దున్న కడుపు నిండి ఆడుకుంటున్నప్పుడు చేయండి. ఆమె కట్టి విడిచిన చీర ఉంటే ఉతక్కుండా ఉంచు, పడుకోబెట్టేటప్పుడు అది నీ భుజాన వేసుకుని వాణ్ని ఎత్తుకో.

నీ ఉత్తరం అంతా వెతికాను, ఆవిడ ఎలా ఉందో ఒక్క ముక్క లేదు. పాలిచ్చే మనిషి పది రోజులు బిడ్డకి దూరంగా ఉంటే పాలు గడ్డకట్టి నరకం కనపడుతుంది. మూడు నాలుగు గంటలకోసారి పిండుతోందా, జ్వరం, ఎరుపు ఏమైనా ఉందా అడుగు. ఉంటే ఆట అయ్యేదాకా ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లమను.

ప్రశ్న: మా డైరెక్టరు గారు నా ఎనిమిది నెలల బాబుని నాటకంలో బాలకృష్ణుడిగా ఊయల్లో చూపిద్దామంటున్నారు. రెండు నిమిషాలేనట. నాకు సరదాగానే ఉంది, భయంగానూ ఉంది.
– ఒక తల్లి, కర్నూలు

జవాబు: మన దగ్గర ఇది కొత్తేమీ కాదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారు కీచకవధతో మొదలుపెట్టిన సురభి నాటక కుటుంబాల్లో నడక రాకముందే స్టేజీ ఎక్కిన పిల్లలే ఎక్కువ. బాలకృష్ణుడితో మొదలై, ప్రహ్లాదుడు, లోహితాస్యుడు, అలా పెరుగుతారు. మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' (1932)లో లీలావతిగా నటించిన సురభి కమలాబాయి అయితే ఏకంగా స్టేజీ మీదే పుట్టిందని చెప్పుకుంటారు. వాళ్లమ్మ దమయంతి వేషంలో ఉండగా నొప్పులొచ్చాయట, జనం అదీ నాటకమే అనుకున్నారట.

అయితే ఒకటి మర్చిపోకు. సురభిలో స్టేజీ మీద అమ్మ, తెర వెనక పెద్దమ్మ, హార్మోనియం దగ్గర తాత, మేనమామ తెర లాగుతుంటాడు. ఇల్లే నాటకం, ఏ చేతిలో ఉన్నా బిడ్డ ఇంట్లోవాళ్ల చేతిలోనే ఉన్నట్టు. మీ బృందం అలాంటిదేనా, నీకే తెలియాలి. ఊయల ఊపే యశోదవి నువ్వే అయితే సరే అను. వేరే ఆవిడైతే ఆవిడ రిహార్సల్స్‌లో వారం రోజులు బాబుని ఎత్తుకోవాలి. మొహానికి రంగు వద్దు, నీలం అసలు వద్దు, నెమలి పింఛం చాలు. పడుకుని ఉంటే లేపి తీసుకెళ్లొద్దు, బొమ్మని సిద్ధంగా పెట్టుకోమను, ఆ రోజుకి బొమ్మే కృష్ణుడు. డబ్బులిచ్చే ఆట అయితే చట్టం కూడా ఉంది: బాల నటులకి రోజుకి ఐదు గంటలు మించకూడదు, విశ్రాంతి లేకుండా మూడు గంటలు మించకూడదు, వచ్చే డబ్బులో కనీసం 20 శాతం బిడ్డ పేరున బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయాలి. రెండు నిమిషాలకి ఇదంతా ఎందుకంటారేమో, ఆ రెండు నిమిషాల కోసం సాయంత్రం ఐదింటికే రమ్మంటారు చూడు, గంటలు అక్కడి నుంచి లెక్కపెట్టు.

ప్రశ్న: నేను పద్యనాటకాల కాంట్రాక్టు చేస్తాను. శివరాత్రి నుంచి శ్రీరామనవమి దాకా మాకు సీజను. ఈసారి చంద్రమతి వేసే అమ్మాయి చంటిబిడ్డ తల్లి, బిడ్డని చూసుకునే మనిషికి కూడా రానుపోను ఖర్చులు, భోజనం, రోజు కూలీ అడుగుతోంది. ఆట పెట్టించే ఊరి కమిటీ వాళ్లు ఇచ్చేదే తక్కువ. ఇది న్యాయమేనా?
– గుంటూరు జిల్లా

జవాబు: న్యాయమేనండీ. హార్మోనియం ఆయనకి ఇస్తున్నారు, మేకప్ ఆయనకి ఇస్తున్నారు, కిరీటాల పెట్టె మోసే కుర్రాడికి ఇస్తున్నారు. వాళ్లలో ఎవరు లేకపోయినా ఆట ఆగుతుందనే కదా? ఈ మనిషి లేకపోయినా కాటి సీను ఆగుతుంది, నేను చూశాను. కమిటీ వాళ్లతో మాట్లాడేటప్పుడు ఆర్టిస్టుల లెక్కలో ఒక పేరు ఎక్కువ రాయండి, విడిగా "ఆయా ఖర్చు" అని రాస్తే ముందు అదే కొట్టేస్తారు. ఇంకో సంగతి, చంద్రమతి ప్రవేశం ఎన్ని గంటలకో ముందే చెప్పి ఆ టైముకే పిలవండి. రాత్రి పదింటికి మొదలయ్యే ఆటకి ఆరింటికే వచ్చి కూర్చోమంటే తల్లీ అలిసిపోతుంది, బిడ్డా అలిసిపోతుంది, తెల్లవారుజామున కాటి సీనుకి గొంతు ఉండదు.